ధనుర్మాసంలో లగ్గం: వరంగల్‌లో రిజిస్టర్ పెళ్లికి, అరవై మంది దావత్‌కు మార్కులు

డిసెంబర్ 16 అటూఇటూగా ధనుర్మాసం పట్టిందంటే సంక్రాంతి దాకా ఏ పంతులూ లగ్గం పెట్టడు. హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లు ఖాళీ. కార్తీకంలో ఫోనెత్తని వంట మేస్త్రీ మొదటి రింగుకే పలుకుతాడు. టెంట్ హౌస్ వాళ్లే బేరానికి వస్తారు. సబ్ రిజిస్ట్రార్‌కు మూఢమూ లేదు, శూన్యమాసమూ లేదు. పొద్దున సంతకాలు, సాయంత్రం అయినవాళ్లకు దావత్ అనుకునే జంటకు ఈ నెల రోజులే అదను. హన్మకొండ, కాజీపేట, వరంగల్ మూడు ఊళ్లలో దొరికే సేవలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు రిజిస్టర్ పెళ్లి. 5కు 4 మార్కులు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. గుళ్లోనో హాల్లోనో హిందూ పద్ధతిలో పెళ్లయ్యాక ఆఫీసుకు పోయి నమోదు చేయించుకునేది 1955 హిందూ వివాహ చట్టం కింద. దానికి నెల రోజుల ఎదురుచూపు లేదు. అసలు పెళ్లే అధికారి ముందు జరగాలంటే అది 1954 ప్రత్యేక వివాహ చట్టం. దీనికి ముందుగా నోటీసు ఇవ్వాలి, 30 రోజులు ఆగాలి. శుభలేఖ అచ్చుకిచ్చాక ఈ తేడా తెలిసేవాళ్లే ఎక్కువ.

అందుకే తేదీని వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. నోటీసును ఆఫీసు గోడకు అంటించిన రోజు నుంచి 30 రోజులు అభ్యంతరాల గడువు. మీరు ఇచ్చిన రోజే అంటిస్తారన్న పూచీ లేదు, రెండు మూడు రోజులు పట్టొచ్చు. గడువు దాటాక పెళ్లి చేసుకోవచ్చు గానీ, నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు కాకపోతే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఉదాహరణకు నవంబర్ 10న నోటీసు ఇస్తే డిసెంబర్ 15 తర్వాత ఏ పనిదినమైనా ధైర్యంగా పెట్టుకోవచ్చు, ఫిబ్రవరి 10 లోపు ముగించాలి. డిసెంబర్ 20 దగ్గర పెళ్లి అనుకుంటే దీపావళి సందడి అయిపోగానే కాగితాలు కదలాలి. ఆదివారాలు, రెండో శనివారం, క్రిస్మస్ తీసేసి లెక్క వేసుకోండి. మన దగ్గర డిసెంబర్ 26 కూడా సెలవే. మరదలు ఆ రోజుకే బెంగళూరు నుంచి టికెట్ చేయించుకుందంటే తంటా.

ఇంకో చిక్కు మన ఊరికే ప్రత్యేకం. నోటీసు ఇచ్చే రోజుకు ముందు ఇద్దరిలో ఒకరైనా వరసగా 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. 2016లో జిల్లాలు విడిపోయాయి. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది. సుబేదారి నుంచి వరంగల్ చౌరస్తాకు ఆటోలో ఎంతోసేపు పట్టదు, కానీ జిల్లా మారిపోతుంది. ఆధార్‌లో పాత జిల్లా పేరు అట్లనే ఉన్నవాళ్లు ఇంకా చాలామంది. ఏ ఆఫీసు పరిధో ముందే అడిగి, ఆధార్ చిరునామా సరిచేయించుకున్నాకే నోటీసు రాయండి. రెండోవాళ్ల శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే, నోటీసు ప్రతి ఒకటి అక్కడి అధికారికీ పోతుంది, అక్కడా గోడకెక్కుతుంది. ఇంట్లో చెప్పకుండా చేసుకుంటున్నవాళ్లు ఈ సంగతి తెలుసుకుని అడుగేయాలి. మార్కు తగ్గించింది కూడా ఇందుకే. ఇద్దరు పెద్దవాళ్ల పెళ్లి కబురును చిరునామాతో సహా నెల రోజులు గోడకు వేలాడదీయడం సేవ అనిపించుకోదు. ఒక్క ఊరట ఏమిటంటే, అభ్యంతరం ఎవరైనా పెట్టొచ్చు గానీ కారణం చట్టంలో ఉన్నదై ఉండాలి: వయసు చాలకపోవడం (అబ్బాయికి 21, అమ్మాయికి 18), మొదటి భార్యో భర్తో ఉండటం, నిషిద్ధ బంధుత్వం, సమ్మతి ఇచ్చే మానసిక స్థితి లేకపోవడం లాంటివి. "మాకు ఇష్టం లేదు", "కులం వేరు", "మతం వేరు" అన్నవి అభ్యంతరాల కింద లెక్కకు రావు. అభ్యంతరం వస్తే అధికారి 30 రోజుల్లో విచారించి తేల్చాలి. ఆయన కాదంటే జిల్లా కోర్టుకు పోవచ్చు.

కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో చివర. "లక్ష్మి"కి ఒకచోట ఇంగ్లిష్‌లో రెండు అక్షరాలు ఎక్కువ. సర్టిఫికెట్‌లో ఏది పడితే వీసా రోజున అదే అడుగుతారు. పాస్‌పోర్టు ఉన్నవాళ్లు నోటీసులోనే ఆ స్పెల్లింగు రాయాలి, మిగతావి దానికి సరిపోలేలా ముందే దిద్దించుకోవాలి. సంతకం పెట్టేముందు తండ్రి పేరు, పుట్టిన తేదీ వేలు పెట్టి చదవండి, తర్వాత దిద్దుబాటంటే చెప్పులరగాల్సిందే. విడాకులైనవాళ్లు డిక్రీ, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు మరణ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. సాక్షులు ముగ్గురు, అసలు గుర్తింపు కార్డులతో. నాలుగో మనిషిని కూడా సిద్ధంగా పెట్టుకోండి. పొద్దున హైదరాబాద్ నుంచి బయల్దేరే బావ మంచులో జనగామ దగ్గర నిలిచిపోవడం డిసెంబర్‌లో మామూలే, కాబట్టి స్లాటు పదికి కాక పదకొండు దాటాక తీసుకోవడం మేలు. రైల్లో వచ్చేవాళ్లను ముందురోజే కాజీపేటలో దిగమనండి.

ఇక ఈ తతంగంలో అందమైన ముక్క. సంతకాలతోనే అయిపోదు. అధికారి ముందు, ముగ్గురు సాక్షులు వింటుండగా ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది: "నేను, ఫలానా, ఫలానాను చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను." తర్వాత ఆమె వంతు. ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా చెప్పొచ్చు. రద్దీ రోజున దీన్ని గొణిగి కానిచ్చేస్తారు. మీరు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాసుకుని పోండి, నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చెప్పండి. తలంబ్రాలు లేని పెళ్లిలో తల్లుల కళ్లు చెమ్మగిల్లేది ఇక్కడే. దండలు మార్చుకోవడం, తాళి కట్టడం ఏదైనా కలుపుకోవచ్చు, చట్టం ఏ పద్ధతినీ వద్దనదు. అదనపు ఫీజు కట్టి, సహేతుకమైన దూరంలో ఉంటే, ఆఫీసు బయట మీరు కోరిన చోటికే అధికారిని రమ్మనే వీలు కూడా 12వ సెక్షన్‌లో ఉంది. చాలామంది అడగరు కాబట్టి చాలామందికి తెలియదు. నోటీసు ఇచ్చే రోజే అడగండి. ఆ వారం పనిభారాన్ని బట్టి కాదన్నా అనొచ్చు, కాబట్టి హాలుకు అడ్వాన్సు ఆ మాట తేలాకే ఇవ్వండి.

ఆస్తి సంగతి ఒక్క ముక్కలో: ఇద్దరూ హిందువులైతే (బౌద్ధ, సిక్కు, జైనులూ ఇందులోకే వస్తారు) ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నా వారసత్వం మారదు. మతాలు వేరైతే భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఉమ్మడి ఆస్తి ఉన్న ఇల్లయితే ముందే వకీలుతో మాట్లాడుకోవాలి.

ఆఫీసు బయట దస్తావేజులు రాసేవాళ్లు, ఏజెంట్లు: 5కు 2. ఫారం నింపడం, ఫొటోలు అంటించడం, స్లాటు తీయడం వరకు పనికొస్తారు, పైసలకు తగ్గ పనే. "నెల రోజులు ఆగక్కర్లేదు, రేపే చేయిస్తా" అన్నవాడు మాత్రం మిమ్మల్ని వేరే చట్టం కింద వేరే కాగితం మీద సంతకం పెట్టించబోతున్నాడని అర్థం.

దావత్ హాళ్లు: 5కు 3. మన ఊళ్లో పెద్ద హాళ్లన్నీ వందల మందిని చూసుకుని కట్టినవి. అందులో అరవై మంది కూర్చుంటే లగ్గం అయిపోయి జనం వెళ్లిపోయాక మిగిలినట్టు ఉంటుంది. హోటళ్ల చిన్న హాళ్లు నయం, కానీ కనీసం ఇన్ని ప్లేట్లు అన్న షరతు చదవండి, రాని నలభై మందికి కూడా బిల్లు పడుతుంది. జనరేటర్ డీజిల్, క్లీనింగ్, వంటగది గ్యాస్ విడిగా రాస్తారు, ధనుర్మాసంలో వీటినే మాఫీ చేయమని అడగాలి, అద్దె తగ్గించమని కాదు. డాబా మీద పెట్టుకునేవాళ్లు పైన షామియానా గుడ్డ తప్పక వేయించాలి. డిసెంబర్‌లో రాత్రి తొమ్మిదయ్యేసరికి మంచు దిగి కుర్చీలు, సౌండ్ బాక్సులు తడుస్తాయి. తెల్లటి ఫోకస్ లైట్లు వద్దు, పసుపు బల్బుల సరాలు చాలు. పొద్దు ఐదూ నలభై ప్రాంతంలోనే గూకుతుంది, ఫొటోలు నాలుగూ పావుకు మొదలు కావాలి. వేయిస్తంభాల గుడి, ఖిలా తోరణాల దగ్గర ఫొటోలంటే కెమెరా స్టాండు, లైట్లకు పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, గేటు దగ్గర బతిమాలితే పని కాదు.

వంట: మంచి మేస్త్రీ దొరికితే 5కు 5, కానీ చలికాలపు వంట తెలిసినవాడై ఉండాలి. అరవై మందికి బగారా అన్నానికి (మసాలా పోపు అన్నం) 6 కిలోల బియ్యం, తెల్లన్నానికి రెండున్నర కిలోలు, బొక్కతో కలిపి మటన్ 9 కిలోలు, నాటుకోడి 9 కిలోలు. ఒకటే మాంసం పెడితే 12 కిలోలు. ఇంతకు మించి రాసిన చీటీలో అదనం మీ కోసం కాదు. చలిలో మొదట దెబ్బ తినేది డాల్డా. బగారాలో, డబుల్ కా మీఠాలో డాల్డా పోస్తే స్టీలు ప్లేటులో మూడు ముద్దలకే తెల్లగా పేరుకుని, నాలుక్కి మైనంలా అంటుతుంది. మటన్ కొవ్వుదీ ఇదే కథ. పల్లీ నూనె అని చీటీలో రాయించండి, వడ్డన మోదుగాకు విస్తళ్లలో పెట్టండి, ఆకు స్టీలులాగ వేడి లాక్కోదు. బఫే గిన్నెల కింద చన్నీళ్లు పోసి జెల్ డబ్బా వెలిగిస్తే కూర వేడెక్కే లోపు జనం తిని పోతారు. మరిగిన నీళ్లే పోయాలి, గిన్నెకు రెండు డబ్బాలు పెట్టాలి, డాబా మీదైతే గాలికి అడ్డం కూడా కావాలి.

రెండో దెబ్బ పెరుగు. ఎండాకాలంలో ఆరు గంటలకు తోడుకునేది చలికి పది గంటలైనా నీళ్లలా ఉంటుంది. పది లీటర్ల పాలకు తోడు మామూలుకు రెండింతలు వేసి, ముందురోజు సాయంత్రమే గిన్నెకు జంపఖానా చుట్టి పెట్టమనండి. ఐస్‌క్రీం బదులు వేడి క్యారెట్ హల్వా, చివర్లో గ్లాసుల్లో మిరియాల చారు. కూరల్లో చిక్కుడుకాయ టమాట, అనపగింజలు ఈ కాలానివే, పనీర్ కంటే వీటికే ఎగబడతారు.

పూలు త్వరగా చెప్పేస్తా. ఈ కాలంలో మల్లెల ధర మండిపోతుంది, అవి పూసే రోజులు కావు. చామంతి, గులాబి, కాగడాలతో దండ కట్టించండి. తడి బంతి దండ మీగడ రంగు పట్టు మీద పడితే పసుపు మరక దిగిపోతుంది. ఎర్ర కార్పెట్ బదులు కొత్తవాడ జంపఖానాలు పరవండి. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన నేత అది, అద్దెకు తెచ్చిన కార్పెట్‌లా మర్నాడు తిరిగిచ్చేది కాదు, ఇంట్లో ఉంటుంది. దగ్గరివాళ్లకు ఇవ్వడానికి కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్న తీగల పని) కుంకుమ భరిణె, పెంబర్తి ఇత్తడి దీపం బాగుంటాయి. చేతిపని కాబట్టి నోటీసు ఇచ్చిన వారమే ఆర్డరివ్వండి.

ఆ రోజు ఆఫీసు నుంచి కదిలేముందు సర్టిఫికెట్ ధ్రువీకృత నకళ్లు రెండు మూడు ఎక్కువే అడిగి తీసుకోండి. బ్యాంకుకు ఒకటి, పాస్‌పోర్టుకు ఒకటి పోతాయి. అసలును పూలు, స్వీట్ల సంచిలో కాకుండా సాక్షుల్లో ఒకరి చేతికిచ్చి నేరుగా ఇంటికి పంపండి.