బాస్కెట్ కొనేవాళ్లకు హెచ్చరిక: ఈసారి మద్దెల నిజంగానే ఓడు

ఇంటి దగ్గర ప్రాక్టీసుకని డిస్క్ గోల్ఫ్ బాస్కెట్ కొనాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. (తెలియనివాళ్లకు: డిస్క్ గోల్ఫ్ అంటే గుండ్రటి ప్లాస్టిక్ డిస్కును విసిరి బాస్కెట్‌లో వేసే ఆట. మధ్యలో స్తంభం, దాని చుట్టూ పైనుంచి వేలాడే చైన్లు, కింద డిస్కు పడే బుట్టలాంటి ట్రే, ఇదీ బాస్కెట్.) "24 చైన్లు, రెండు వరసలు, టోర్నమెంట్ స్థాయి" అని రాసి ఉన్న ఒక మడత బాస్కెట్‌ను ఆన్‌లైన్‌లో కొని నాలుగు నెలలు వాడాను. డబ్బు పోయింది, సరే. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే నా పట్టింగ్, అంటే దగ్గర నుంచి బాస్కెట్‌లోకి వేసే విసురు, చెడింది. బాగు చేసుకోవడానికి కొన్న వస్తువే చెడగొట్టింది. అమ్మినవాళ్ల పేరు రాయను. ఇలాంటి సరుకు ఒక్కరి దగ్గరే లేదు కాబట్టి, పేరు కన్నా గుర్తులు తెలియడమే మీకు ఉపయోగం.

పెట్టె వచ్చిన రోజు నా సంబరం చూడాలి. ఇరవై నిమిషాల్లో బిగించేశాను. తళతళ మెరుస్తోంది, చైన్లు గలగలమంటున్నాయి. ఐదు మీటర్ల నుంచి మొదటి పట్ విసిరాను. చైన్ల మధ్యలో తగిలింది, ఎడమపక్క నుంచి జారి కింద పడింది. రెండోది లోపలే ఆగింది. మూడోది స్తంభానికి తగిలి వెనక్కి ఎగిరి వచ్చింది. ఆ రోజు పదిలో మూడు నాలుగు అలాగే పోయాయి. ఆడలేక మద్దెల ఓడు అంటారని నోరు మూసుకున్నాను. తప్పు నా చేతిదే అనుకున్నాను.

అక్కడే మోసపోయాను. చెడ్డ బాస్కెట్ తన తప్పును మన తప్పులా చూపిస్తుంది. మనం దానికి తగ్గట్టు మారిపోతాం.

గట్టిగా విసిరితే బయటికి వస్తోంది కదా అని మెల్లగా విసరడం మొదలుపెట్టాను. ఎడమపక్క జారుతోంది కదా అని స్తంభానికి బాగా కుడిగా గురిపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఈ రెండోదానిలో కాస్త నిజం ఉందిలెండి. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరే తీరు) విసిరితే డిస్కు, పైనుంచి చూసినప్పుడు, గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. ముందు అంచు చైన్‌కు తగిలిన క్షణంలో ఆ తిరుగుడే డిస్కును ఎడమకు తోస్తుంది. స్తంభానికి కుడిపక్క తగిలిందనుకోండి, ఎడమకు తోయడమంటే స్తంభం వైపుకు తోయడమే. ఎడమపక్క తగిలితే మాత్రం బయటికే దారి. అందుకే ఎడమను బలహీనమైన పక్క అంటారు. ఎడమచేతి వాళ్లకు ఇది తిరగబడుతుంది. మంచి బాస్కెట్ కూడా ఆ పక్క కొన్ని వదిలేస్తుంది, కాదనను. కానీ స్తంభానికి నాలుగు వేళ్ల దూరంలో తగిలినవి కూడా జారిపోతున్నాయంటే అది డిజైన్ లోపం.

రెండు నెలల తర్వాత కోర్స్‌కు, అంటే ఈ ఆట ఆడే మైదానానికి, వెళ్లి ఆడితే అసలు సంగతి బయటపడింది. నా పట్‌లన్నీ పొట్టిగా పడుతున్నాయి. చైన్ల దాకా కూడా పోవడంలేదు. ట్రే ముందు అంచుకు టక్కున కొట్టుకుని నేలమీద పడుతున్నాయి. నాతో ఆడే మిత్రుడు చూసీ చూసీ "ఏంట్రా, దేవుడి ముందు దీపం పెడుతున్నట్టు అంత మెల్లగా విసురుతున్నావు?" అన్నాడు. అప్పుడు వెలిగింది. ఆ సాయంత్రం అదే కోర్స్ బాస్కెట్ మీద, ఇంట్లో వాడే మూడు పట్టర్లతోనే (పట్ వేసే డిస్కులు), ఐదు మీటర్ల నుంచి నా పాత పద్ధతిలో విసిరి, చైన్లకు తగిలిన 50 పట్‌లను లెక్కపెట్టాను. బయటికి వచ్చినవి 2. మర్నాడు ఇంట్లో అలాగే 50 లెక్కపెడితే బయటికి వచ్చినవి 17. ఇదేం శాస్త్రం కాదు, నా చేతి లెక్క. అయినా ఆ తేడా చూశాక ఇంకా నన్ను నేనే తిట్టుకోవాలనిపించలేదు.

అప్పుడు టేపు తీసుకుని బాస్కెట్ పక్కన కూర్చున్నాను.

చైన్లు లెక్కపెట్టాను. నిజంగానే 24 ఉన్నాయి. ఆ మాటలో అబద్ధం లేదు. మోసమంతా వేలాడదీయడంలో ఉంది. పైన చుట్టూ 12 కొక్కేలు, ఒక్కో కొక్కేనికి రెండేసి చైన్లు. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో రెండు వేళ్లు కూడా పట్టవు. ప్రకటనలో రాసిన రెండు వరసలు ఇవేనట! ఫొటోలో పక్కనుంచి తీస్తే దట్టంగానే కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే 12 సన్నటి స్తంభాలు, వాటి మధ్య 12 కిటికీలు. పైన పటారం, లోన లొటారం.

బాస్కెట్ డిస్కును ఎలా పట్టుకుంటుందో తెలిస్తే ఇది ఎంత పెద్ద తప్పో అర్థమవుతుంది. పట్టర్ బరువు మామూలుగా 170 నుంచి 175 గ్రాములు, వెడల్పు 21 సెంటీమీటర్ల చిల్లర. అది ముందు బయటి వరసను తాకుతుంది. చైన్లు ఊగుతూ పక్కకు జరుగుతాయి. అలా జరగడంలోనే డిస్కు వేగం కొంత తినేస్తాయి. తర్వాత, స్తంభానికి దగ్గరగా ఉండే లోపలి వరస మిగతా వేగాన్ని తినాలి. ఈ లోపలి చైన్లు బయటి చైన్ల మధ్య ఖాళీలకు ఎదురుగా ఉండాలి. బయట ఏ సందులోంచి దూరినా లోపల ఒకటి అడ్డం తగలాలన్నమాట. ఆ తర్వాత కూడా స్తంభానికి తగిలి కాస్త వెనక్కి వస్తుంది. ఇక్కడ చైన్ల రెండో పని మొదలవుతుంది, చాలామంది దీన్ని గమనించరు. డిస్కుకు దారి ఇచ్చిన బయటి చైన్లు ఈలోపు ఊగి మళ్లీ తమ చోటికి వస్తాయి. లోపలికి వచ్చాక మూసుకునే తలుపులాంటివి అవి. వెనక్కి వచ్చే డిస్కు ఆ తలుపుకు తగిలి ట్రేలో పడిపోతుంది.

నా బాస్కెట్‌కు లోపలి వరస ఉన్నట్టే లేదు, తలుపూ లేదు. పైన చైన్లు కట్టిన చుట్టు అడ్డంగా సుమారు 50 సెంటీమీటర్లు. అంటే చుట్టుకొలత 157. దాన్ని 12తో భాగిస్తే ఒక్కో సందు 13 సెంటీమీటర్లు. చదునుగా వచ్చే డిస్కు ఒకటో రెండో చైన్లను తాకుతుంది, నిజమే. కాస్త వంకరగా వచ్చిందా, నేరుగా స్తంభం దాకా వెళ్లి, అదే సందులోంచి వెనక్కి వస్తుంది. పక్కగా తగిలితే ఒక పక్క దూరి ఇంకో పక్క నుంచి బయటపడుతుంది. పైగా చైన్లు పలచనివి. తేలిక చైన్ తాకగానే ఎగిరి పక్కకు పోతుంది, వేగాన్ని తినదు. అలాగని చైన్ల కింది కొసలను కలిపే రింగును కిందికి లాగి బిగిస్తే బాగుపడుతుందనుకోకండి. నేనూ చేసి చూశాను. బిర్రుగా ఉన్న చైన్ వల కాదు, గోడ. డిస్కు ఇంకా గట్టిగా ఎగిరి బయటపడింది.

ఈ ఆట బాస్కెట్‌కు మూలపురుషుడు ఎడ్ హెడ్రిక్. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో ఆయన వేసిన మొదటి కోర్స్‌లో మొదట గురికి ఉన్నవి ఉత్త స్తంభాలే. డిస్కు తగిలిందా లేదా అనే తగాదా తెగాలంటే అది అందులోనే ఆగిపోవాలి. అందుకే చైన్లు, కింద బుట్ట. దాని పేటెంట్ 1977లో వచ్చింది. మొదటి రకాలకు ఒకే వరస ఉండేది, లోపలి వరస తర్వాతి మోడళ్లలో చేరింది. అంటే దాదాపు ఐదు దశాబ్దాల కిందటి సమస్యను నేను కొత్త పెట్టెలో కొని తెచ్చుకున్నాను. (హెడ్రిక్ 2002లో పోయాక, ఆయన కోరిక మేరకు చితాభస్మం కలిపి డిస్కులు పోశారు. అలాంటి మనిషి నా బాస్కెట్ చూస్తే ఏమనేవాడో!)

ట్రే ఎత్తు కూడా కొలిచాను. నేలనుంచి పై అంచు దాకా సుమారు 82 సెంటీమీటర్లు, కొంచెం అటూ ఇటూ, ఉండాలి. నాది 70. మెల్లగా విసరడానికి తోడు, కింద ఉన్న గురికి అలవాటుపడ్డ చెయ్యి. కోర్స్‌లో ట్రే అంచుకు ఎందుకు కొట్టుకుంటున్నాయో ఇక వేరే చెప్పాలా? ట్రే లోతు కూడా తక్కువే. చైన్ల మీదుగా జారి దిగిన డిస్కు నిలువుగా పడితే దొర్లుకుంటూ అంచు దాటి పోతోంది.

ఇక "టోర్నమెంట్ స్థాయి" సంగతి. ఈ ఆటకు నియమాలు పెట్టే సంస్థ పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్). అది బాస్కెట్లను బేసిక్, స్టాండర్డ్, చాంపియన్‌షిప్ అని మూడు స్థాయిల్లో ఆమోదిస్తుంది. ఆమోదించిన మోడళ్ల జాబితా వాళ్లే బయటపెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు. నేను కొన్నదాని ప్రకటనలో "పీడీజీఏ ప్రమాణాల మేరకు తయారైనది" అని ఉంది. ఆ "మేరకు" అన్న ఒక్క మాటలో ఉంది కిటుకంతా. ఆమోదం పొందింది అని ఎక్కడా లేదు. మోడల్ పేరు పట్టుకుని జాబితా అంతా వెతికాను, లేదు. కొనకముందు చెయ్యాల్సిన పని కొన్నాక చేశాను. బేసిక్ స్థాయి ఆమోదం ఉన్న తేలిక బాస్కెట్ అయినా ప్రాక్టీసుకు ఫరవాలేదు, కనీసం కొలతలైనా నమ్మకంగా ఉంటాయి.

అమ్మినవాళ్లకు రాశాను. మొదటి జవాబు: చైన్లు కొత్తవి, వాడగా వాడగా సర్దుకుంటాయి. నెల ఆగాను, ఏం సర్దుకోలేదు. రెండో జవాబు: వీడియో పంపండి. పంపాను, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. మూడో జవాబు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు: "మీరు మరీ గట్టిగా విసురుతున్నారు." నేనా! 2021 ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి హోల్‌లో జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల నుంచి, అంటే దాదాపు 75 మీటర్ల నుంచి విసిరిన డిస్కు నేరుగా చైన్లలోకి వచ్చి ఆగింది. ఆ ఒక్క విసురుతో స్కోరు సమం చేసి, విజేతను తేల్చే ప్లేఆఫ్‌కు వెళ్లి, అదీ గెలిచాడు. అంత దూరం నుంచి దూసుకొచ్చినదాన్ని పట్టుకునే చైన్లు ఉన్న లోకంలో, ఐదు మీటర్ల నుంచి నేను వేసే పట్ గట్టిదైపోయింది. చివరికి తేల్చిందేమిటంటే, బిగించేశారు కాబట్టి వాపసు కుదరదట. బిగించకుండా అది పట్టుకుంటుందో లేదో ఎలా తెలుస్తుంది స్వామీ అని అడిగితే ఇప్పటిదాకా జవాబు లేదు.

కాబట్టి పెట్టె విప్పగానే వీడియో తీయడం మొదలుపెట్టండి. వాపసు గడువులోపే కనీసం రెండు వందల పట్‌లు వేసి చూడండి. సర్దుకుంటుంది అన్న మాట నమ్మి గడువు దాటనివ్వకండి. నేను చేసిన పెద్ద తప్పు అదే. రివ్యూలు చదివేటప్పుడు తేదీలు చూడండి. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లలో చాలామంది "డెలివరీ బాగుంది, మెరుపు బాగుంది" అన్నవాళ్లే, ఒక్క పట్ కూడా వేసినట్టు లేరు.

ఆ మెరుపు సంగతి కూడా ఒక్క మాట. అది పైపైన వేసిన జింక్ పూత, ఎలక్ట్రోప్లేటింగ్. చాలా పలచగా ఉంటుంది. కోర్స్‌లలో ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నిలబడే బాస్కెట్లను హాట్ డిప్ గాల్వనైజింగ్ చేస్తారు, అంటే 450 డిగ్రీల దగ్గర కరిగిన జింక్‌లో ముంచి తీస్తారు. చూపుకు అవి బూడిద రంగులో, మొరటుగా ఉంటాయి. నాది మూడు వానలకే కొక్కేల దగ్గర తుప్పు పట్టింది, రెండు కొక్కేలు సాగి నోరు తెరిచాయి. ఇంట్లోపల వాడుకునేవాళ్లకు ఇది అంత ముఖ్యం కాదు.

పారేయడానికి మనసొప్పక చిన్న మరమ్మతు చేశాను. ఒక్కో కొక్కేనికి ఉన్న జతలోంచి వెనక చైన్ విప్పి, స్తంభానికి అరచేయంత దూరంలో ఒక ఇనప రింగును అడ్డకమ్మీలకు తీగతో కట్టి, ఆ 12ను బయటి సందులకు ఎదురుగా దానికి తగిలించాను. కింద నాలుగు ఇటుకలు పేర్చి ఎత్తు సరిచేశాను. అవే 24 చైన్లు. మళ్లీ 50 లెక్కపెడితే బయటికి వచ్చినవి 17 నుంచి 8కి తగ్గాయి. కోర్స్ బాస్కెట్‌తో పోలిక లేదు గానీ, ఇప్పుడు భయపడకుండా విసరగలుగుతున్నాను. చెయ్యి పాత ఊపు అందుకోవడానికి మాత్రం ఇంకా టైమ్ పట్టేలా ఉంది.

నిన్న చూస్తే అదే బాస్కెట్ వేరే పేరుతో, వేరే రంగు పట్టీతో మళ్లీ అమ్మకానికి ఉంది. ఇప్పుడు 28 చైన్లట. ఫొటో పెద్దది చేసి పై చుట్టు చూడండి. ఒక్కో కొక్కేనికి రెండేసి చైన్లు ఒకే చోట నుంచి దిగుతూ కనిపిస్తే, అదే. ఎదురునుంచి తీసిన ఫొటో లేకపోతే అడగండి. పంపనంటే కొనకండి.