గురి కుదిర్చే రెండు కడ్డీలు: అలైన్‌మెంట్ స్టిక్స్‌పై సమీక్ష

గోల్ఫ్ సామగ్రిలో పెట్టిన ఖర్చుకు ఇంత ఎక్కువ ఫలితమిచ్చే వస్తువు మరొకటి నాకు కనబడలేదు. సుమారు నాలుగడుగుల పొడవు, చిటికెన వేలికన్నా సన్నటి మందం, మెరిసే నారింజ రంగో పసుపు రంగో పూసిన రెండు ఫైబర్‌గ్లాస్ కడ్డీలు, వాటి చివర్లకు రబ్బరు మూతలు: అలైన్‌మెంట్ స్టిక్స్ అంటే ఇంతే. విశాఖలో గోల్ఫ్ ఆడేవాళ్ల సంచుల్లో ఇవి తరచుగానే కనిపిస్తాయి గానీ, డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోట) వాటిని నేల మీద పరిచి, ఓపికగా కాళ్లూ భుజాలూ సరిచూసుకునేవాళ్లు తక్కువ. కొన్నవాళ్లు వాడాలనీ, కొననివాళ్లు ఏది కొనాలో తెలుసుకుని కొనాలనీ ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు ఇవి దేనికి పనికొస్తాయో స్పష్టంగా చెప్పుకోవాలి. బంతి నుంచి లక్ష్యానికి ఊహించుకునే గీత ఒకటి, ఆటగాడి పాదాలు, తుంటి, మోకాళ్లు, భుజాలు చూపించే గీత మరొకటి. ఈ రెండూ రైలు పట్టాల్లా ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలని ప్రతి శిక్షకుడూ మొదటి పాఠంలోనే చెబుతాడు. వాటి మధ్య దూరం రెండు మూడడుగులే కాబట్టి నూటయాభై గజాల అవతల రంధ్రంలో నిలిపిన జెండా దగ్గర ఆ తేడా లెక్కలోకి రాదు. అసలు చిక్కు అవి సమాంతరంగా లేకపోవడంలో ఉంది. ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా 200 గజాల దూరంలో బంతి సుమారు మూడున్నర గజాలు తప్పుతుంది. అదే అయిదు డిగ్రీలైతే పదిహేడు గజాలు దాటుతుంది, అంటే గ్రీన్ (రంధ్రం చుట్టూ నున్నగా కోసిన గడ్డి) మధ్యలో పడవలసిన బంతి ఇసుక బంకర్‌లోనో చెట్ల మధ్యనో తేలుతుంది. అయిదు డిగ్రీల వంకర నిలబడిన మనిషికి తన కంటికి తాను తెలియదు. ఎందుకంటే తుపాకీ పేల్చేవాడి కన్ను గురి గీత మీదే ఉంటుంది, గోల్ఫ్ ఆడేవాడి కన్ను మాత్రం ఆ గీతకు పక్కన, వంగిన మెడ మీద నుంచి ఓరగా చూస్తుంది. అలా చూసినప్పుడు కన్ను చెప్పేదాన్ని నమ్మడానికి లేదు.

ఈ లోపం నిలబడే తీరుతో ఆగిపోదు, స్వింగ్‌లోకీ, అంటే బంతిని కొట్టే కర్రను (క్లబ్‌ను) ఊపే తీరులోకీ పాకుతుంది. తెలియకుండానే కుడి పక్కకు గురిపెట్టి నిలబడిన కుడిచేతి వాటం ఆటగాడు, బంతి కుడికి పోతోందని గమనించిన కొద్దికాలానికే చేతులతో క్లబ్‌ను ఎడమకు లాగడం మొదలుపెడతాడు. లాగడం వల్ల బంతి ఒక్కోసారి సరిగ్గానే వెళ్తుంది. దాంతో ఆ లాగుడే అతని సహజ స్వింగ్ అనిపించుకుంటుంది. నెలల తరబడి దాన్ని సరిదిద్దుకోవడానికి పాఠాలు చెప్పించుకున్నా ఫలితం నిలవదు, ఎందుకంటే మందు వేయవలసిన చోటు చేతులు కాదు, పాదాలు. బంతి బయలుదేరే దిశను ఎక్కువగా నిర్ణయించేది క్లబ్ ముఖం (బంతికి తగిలే భాగం) చూసే దిశ అనీ, గాలిలో అది ఎటు వంపు తిరుగుతుందన్నది క్లబ్ ముఖానికీ, క్లబ్ కదిలే దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుందనీ రాడార్ కొలతలు ఇప్పుడు స్పష్టంగా చూపిస్తున్నాయి. కాబట్టి కడ్డీలు పాదాలను సరిచేసినంత మాత్రాన పని పూర్తికాదు, క్లబ్ ముఖాన్ని విడిగా చూసుకోవాలి. అయితే పాదాలు ఎటు చూస్తున్నాయో ఖాయంగా తెలిసిన తరువాతే మిగిలిన దోషాల సంగతి తేలుతుంది.

ఈ మాట విశాఖలో మరింత వర్తిస్తుంది. ముడసర్లోవ ప్రాంతంలో ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ పద్ధెనిమిది హోల్స్ మైదానం. భారత వృత్తి గోల్ఫ్ పర్యటనలో భాగమైన వైజాగ్ ఓపెన్ పోటీలు అక్కడ జరిగాయి. కొండల మధ్య ఎత్తుపల్లాలతో ఉండే అటువంటి నేల మీద కంటికి సమతలం దొరకదు. దూరాన కొండ వాలు ఒక దిశ చూపిస్తుంది, ఫెయిర్‌వే (గ్రీన్ దాకా సాగే కోసిన గడ్డి దారి) అంచు మరో దిశ చూపిస్తుంది, టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర గడ్డి కోసిన గీతలు ఇంకో దిశ చూపిస్తాయి, శరీరం వీటిలో ఏదో ఒకదానికి లొంగిపోతుంది. పాదాల కన్నా ఎత్తులో బంతి ఉన్న వాలు మీద కుడిచేతి వాటం ఆటగాడి బంతి ఎడమకు పోవడం మరో సంగతి. వీటన్నిటి మీదా సముద్రపు గాలి ఉంది. మధ్యాహ్నం నుంచి నీటి మీదుగా వీచే ఆ గాలికి బంతి ఎంత పక్కకు జరిగిందో చెప్పాలంటే, అది బయలుదేరిన దిశ ముందుగా తెలిసి ఉండాలి. అందుకే గురి సరిచూసుకునే సాధనకు గాలి పెద్దగా లేని పొద్దుటి వేళనే ఎంచుకోవాలని నా అభిప్రాయం. సాయంత్రం గాలిలో కడ్డీలు పరిచి కూర్చుంటే తప్పు మనదో గాలిదో తేల్చుకోవడం కష్టం.

వాడే పద్ధతి ఇది. మొదటి కడ్డీని బంతికి కొంచెం ముందుగా, అవతలి పక్కన లక్ష్యం వైపు పెడతాను. దాని దిశను బంతి వెనక నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి రెండు కళ్లతో చూసి సరిచేస్తాను. పక్కన నిలబడి సరిచేస్తే ఏ కంటి దోషాన్ని పోగొట్టాలనుకున్నామో అదే కడ్డీలోకి వస్తుంది. రెండవ కడ్డీని కాలివేళ్ల ముందు, మొదటిదానికి సమాంతరంగా ఉంచుతాను. ఆ తరువాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. పాదాలు సరిగా ఉన్నంత మాత్రాన భుజాలు సరిగా ఉండవు. బంతి ముందుకు జరిగిన కొద్దీ భుజాలు ఎడమకు తెరుచుకుంటాయి, కుడి చెయ్యి గ్రిప్ మీద ఎడమ చెయ్యి కింద ఉండడమే అందుకు కారణం. నేల మీది కడ్డీ ఈ తేడాను చూపించదు. అందుకని బంతి ముందు నిలబడ్డ తరువాత పాదాలు కదపకుండా ఒక కడ్డీని ఛాతీకి అడ్డంగా రెండు భుజాలకూ ఆనించి పట్టుకుని, అది నేల మీద ఉన్నదానితో కలుస్తుందో లేదో చూసుకోవాలి. ఒక ఉదయం నాకు బంతులు అందిస్తున్న కేడీ (ఆటగాడి సంచి మోసే సహాయకుడు) ఒకరు వెనక నుంచి చూసి, "కాళ్లు బాగానే ఉన్నాయి సార్, భుజాలే జెండాకి ఎడమకి చూస్తున్నాయండి" అన్నారు. ఛాతీ మీద కడ్డీ పెట్టి చూసినప్పుడు సరిగ్గా అదే తేలింది. అలవాటుపడ్డ కేడీ కన్నుకు మించిన పరికరం లేదని నేను నమ్ముతాను. అయితే 2019 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం, ఆటగాడు నిలబడే స్థానం తీసుకోవడం మొదలుపెట్టిన తరువాత కేడీ బంతి వెనక గురి గీత మీద నిలబడకూడదు. పోటీలో ఆ సాయం దొరకదు కాబట్టి, దాన్ని సాధనలోనే రాబట్టుకోవాలి. కడ్డీలకూ ఇదే వర్తిస్తుంది. సంచిలో ఉంచుకోవచ్చు గానీ రౌండ్ ఆడుతున్నప్పుడు నేల మీద పెట్టి దాని ఆధారంగా నిలబడినా, దానితో స్వింగ్ సాధన చేసినా జరిమానా పడుతుంది. పెట్టిన తరువాత తీసేసినా ఆ జరిమానా పోదు.

గ్రీన్ మీద కడ్డీల ఉపయోగం మరింత స్పష్టం. పది అడుగుల దూరం నుంచి పటర్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే క్లబ్) ముఖం ఒక డిగ్రీ తప్పితే బంతి రంధ్రం కేంద్రానికి సుమారు రెండు అంగుళాల పక్కకు చేరుతుంది. రంధ్రం వ్యాసం నాలుగున్నర అంగుళాల లోపే, కచ్చితంగా చెప్పాలంటే నాలుగుంపావు అంగుళాలు. అంటే ఒక్క డిగ్రీకే బంతి అంచును తాకి బయటికి వచ్చే స్థితి. సమతలంగా ఉన్న చోట కడ్డీని పరిచి, దానికి ఆనుకున్నట్టుగా చిన్న పటింగ్‌లు కొడుతుంటే చేతులు నిజంగా ఎటు కదులుతున్నాయో కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక మనసు సంగతి. ఈ వస్తువు మీద నాకున్న ఒకే ఒక పెద్ద అభ్యంతరం ఇక్కడే ఉంది. కడ్డీలను చాలాసేపు వదలకుండా వాడితే దృష్టి లక్ష్యం నుంచి కడ్డీ మీదికి, అక్కడి నుంచి కాలివేళ్ల మీదికి దిగిపోతుంది. బంతి ఎటు పోవాలో ఆలోచించవలసిన మనసు, మోకాలు ఎక్కడుందో ఆలోచిస్తుంది. శరీర కదలికలు నేర్చుకునే తీరును పరిశోధించే గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు 1999లో గోల్ఫ్ పిచ్ షాట్లతో (దగ్గరి నుంచి ఎత్తుగా లేపి కొట్టేవాటితో) చేసిన పరిశోధనలో, చేతుల కదలిక మీద దృష్టి పెట్టిన కొత్త ఆటగాళ్లకన్నా క్లబ్ కదలిక మీద దృష్టి పెట్టినవాళ్లు లక్ష్యానికి దగ్గరగా కొట్టారు. శరీరం లోపలి సంగతులకన్నా బయటి ఫలితం మీద ధ్యాస ఉంచడమే మేలని ఆ తరువాత ఎన్నో క్రీడల్లో తేలింది. పటింగ్‌లో నేర్పరులు క్లబ్ కదిలించే ముందు బంతి మీద చూపును ఎక్కువసేపు, చెదరకుండా నిలుపుతారని ఆటగాళ్ల చూపును పరిశోధించిన జోన్ విక్కర్స్ 1992లో చూపించారు. వీటిని బట్టి నాకు అర్థమైనది ఏమిటంటే, కడ్డీ పని శరీరానికి సరైన స్థానం నేర్పడం వరకే. కొట్టే క్షణంలో అది ఎదురుగా ఉండకూడదు.

అందువల్ల కడ్డీలు పరిచి కొన్ని బంతులు కొట్టిన తరువాత వాటిని తీసి సంచిలో పెట్టేసి, ప్రతి బంతికీ లక్ష్యం మార్చుకుంటూ కొట్టడం నా పద్ధతి. ఒక బంతి ఎడమ పక్క తాటిచెట్టుకు, తరువాతిది నూరు గజాల బోర్డుకు, ఆ పై బంతి మరో క్లబ్‌తో మరో చోటుకు. ఒకే వరుసలో ఒకే దిశకు కొడుతూ పోతే చెయ్యి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది గానీ మైదానంలో రెండు షాట్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. లక్ష్యాన్ని కూడా చిన్నదిగా ఎంచుకోవాలి. 'ఫెయిర్‌వే మధ్యకు' అనుకోవడం గురి కాదు. చెట్టు కొమ్మల్లో ఒక చీలిక, కొండ మీద ఒక తెల్లటి రాయి, జెండా కర్రకు కుడి అంచు అనుకోవాలి. 1962 నుంచి 1986 దాకా 18 మేజర్ (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీల) టైటిళ్లు గెలిచిన జాక్ నిక్లాస్ ప్రతి షాట్‌కు ముందు బంతి వెనక నిలబడి, గురి గీత మీదే బంతికి కొద్ది అడుగుల ముందు ఒక గుర్తు ఎంచుకుని, దానికి క్లబ్ ముఖాన్ని చూపించి, ఆ తరువాతే పాదాలు పెట్టేవాడు. నూటయాభై గజాల దూరంలో ఉన్నదానికన్నా మూడడుగుల దూరంలో ఉన్న ఎండు గడ్డిపరకకు క్లబ్‌ను సూటిగా పెట్టడం ఎంత సులువో ఎవరైనా వెంటనే గ్రహిస్తారు. నేల మీద కడ్డీ నేర్పిన గీతను కడ్డీ లేకుండా చూడగలగడానికి ఇంతకు మించిన దారి లేదు. గుర్తు చూసుకున్నాక ఒకసారి లక్ష్యం వైపు చూసి, చూపు బంతి మీదికి తెచ్చి, ఆలస్యం చేయకుండా కొట్టాలి. ఎక్కువసేపు నిలబడ్డ కొద్దీ భుజాలు బిగిసిపోతాయి, గురి మీద అనుమానం మొదలవుతుంది.

ఇక కొనే విషయం. బజారులో రెండు రకాలున్నాయి. ఒకటి ఒకే ముక్కగా ఉండే కడ్డీ, రెండవది టెంటు కర్రల్లా లోపల సాగే తాడుతో మడిచే కడ్డీ. స్కూటర్ మీద రేంజ్‌కు వెళ్లేవాళ్లకు మడిచేది అనుకూలమే. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మడిచే జతలో ఒకదాని అతుకు మొదటి నెలలోనే వదులైంది. నేల మీద పెడితే మధ్యలో సన్నటి వంపు కనిపించేది. రెండు డిగ్రీల తేడా పట్టుకోవడానికి కొన్న పరికరమే రెండు డిగ్రీలు వంగితే దాని వల్ల లాభం లేకపోగా నష్టం. అమ్మినవాళ్లు మార్చి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ అనుభవంతో ఒకే ముక్క కడ్డీలనే సిఫార్సు చేస్తున్నాను. క్లబ్‌నే నేల మీద పడుకోబెట్టి వాడవచ్చుననే మాట కూడా వినిపిస్తుంది. ఏమీ లేనప్పుడు అది మంచి ప్రత్యామ్నాయమే గానీ, క్లబ్ కర్ర గ్రిప్ దగ్గర లావుగా, తల దగ్గర సన్నగా ఉంటుంది కాబట్టి దాని అంచుల్లో ఏది అసలు దిశ చూపిస్తుందో చెప్పడం కష్టం.

విశాఖ ఎండకు ఫైబర్‌గ్లాస్ పైపూత త్వరగా పెళుసెక్కుతుంది. కారు వెనక అద్దం కింద వేసవి అంతా పడి ఉన్న కడ్డీని అరచేత్తో నిమిరితే కంటికి కనబడని సన్నటి గాజు ముళ్లు గుచ్చుకుంటాయి, వాటిని తీయడం చాలా కష్టం. రంగు వెలిసి గరుకుగా తగిలిన వెంటనే పలుచని ఇన్సులేషన్ టేపు చుట్టాలి, లేదా కొత్తది కొనాలి. చివరి మూతలు ఊడిపోతే గడ్డిలో గుచ్చేటప్పుడు చీలిక మొదలవుతుంది కాబట్టి మూతలు బిగువుగా ఉన్న జతనే ఎంచుకోవాలి. రంగు విషయంలో పచ్చగడ్డి మీద నారింజ రంగు అన్నిటికన్నా తేలికగా కనబడుతుంది. రెండింటినీ లంబకోణంలో కలిపే ప్లాస్టిక్ ముక్కలు, కొలతలు ముద్రించిన పట్టీలు కలిపి ఎక్కువ ధరకు అమ్మే సెట్లు బజారులో ఉన్నాయి గానీ, అవి చేసే పని, అంటే బంతి ఎక్కడ పెట్టాలో చూపడం, రెండవ కడ్డీని అడ్డంగా పెట్టినా జరుగుతుంది. ఆ అదనపు డబ్బుతో రేంజ్‌లో మరికొన్ని బుట్టల బంతులు కొట్టవచ్చు.