రాత్రి తొమ్మిదిన్నరకు ఒక కప్పు హోజిచా: రెండేళ్ల తర్వాత

ఉద్యోగానికి జపాన్‌లోని క్యోటో వచ్చిన కొత్తలో రాత్రి భోజనమయ్యాక ఫిల్టర్ కాఫీ పడాల్సిందే. ఆ తర్వాత ఒంటిగంట దాకా పక్క మీద దొర్లడం. ఒకరోజు ఒక టీ కొట్టు ముందు వాసన వస్తే వేరుసెనక్కాయలు వేయిస్తున్నారనుకుని ఆగాను. తీరా చూస్తే తేయాకు! అలా కొన్న పొట్లంతో మొదలై రెండేళ్లయింది.

ముదురు ఆకునో కాడలనో ఎర్రగా వేయిస్తే హోజిచా. ఇది 1920ల్లో ఈ ఊళ్లోనే మొదలైందని చెబుతారు. వేయించడం వల్ల గ్రీన్ టీలో ఉండే వగరు బాగా తగ్గుతుంది. పైగా నీళ్లు చల్లార్చే తతంగం లేదు. మరిగే నీళ్లు పోసి ముప్పై సెకన్లకు వడకట్టేస్తే చాలు. కప్పు దగ్గరికి తీసుకోగానే ముందు వాసనే కడుపు నింపుతుంది.

నిద్ర సంగతికొస్తే, 'ఇందులో కెఫీన్ ఉండదు' అని ఎవరైనా అంటే నమ్మకండి. జపాన్ ప్రభుత్వ ఆహార పట్టిక ప్రకారం 100 మిల్లీలీటర్ల హోజిచాలో 20 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. మామూలు సెంచా గ్రీన్ టీలోనూ అంతే. కాఫీలో 60. అంటే నా నిద్ర బాగుపడింది టీ మహిమతో కాదు, కాఫీ మానినందుకు. ఇప్పుడు కాడలతో చేసిన రకమే కొంటున్నా. కనజావా అనే ఊళ్లో దాన్ని కాగా బోచా అంటారు, కాస్త తియ్యగా ఉంటుంది. కాడల్లో కెఫీన్ ఆకులో కన్నా తక్కువ. పడుకోబోయే ముందు కాకుండా గంట ముందే తాగుతాను, లేకపోతే రెండింటికి బాత్‌రూమ్‌కి లేవాలి. కెఫీన్ అసలే పడనివాళ్లు బార్లీతో చేసే ముగిచా తాగడం మేలు.

నాకు చిరాకు తెప్పించేది ఒకటే, వాసన నిలవదు. జూన్ ముసురులో మూత సరిగా పెట్టని డబ్బా పది రోజుల్లో గడ్డివాము వాసన కొట్టింది. పొడి మూకుట్లో సన్నసెగ మీద రెండు నిమిషాలు కదుపుతూ వేయిస్తే మళ్లీ ప్రాణం వచ్చింది. ఇంకోసారి ఫోన్ మాట్లాడుతూ మాడ్చేశాను, అది వేరే కథ. అప్పటినుంచి 50 గ్రాముల పొట్లాలే తెస్తున్నా.

మా అమ్మ వచ్చినప్పుడు మొదటి గుటకకే "ఇదేం టీరా, మాడిన గిన్నె కడిగిన నీళ్లలా ఉంది" అంది. వారం తిరక్కుండానే భోజనమయ్యాక "ఆ మాడు నీళ్లు పెట్టవా" అని అడగడం మొదలెట్టింది. పొట్లం అడుగున మిగిలే నూకను పొద్దున్నే పాలల్లో కాచి బెల్లం వేసిస్తే మాత్రం, అది టీయేనని ఒప్పుకుంది.