మారతహళ్లిలో తెలుగులో చెప్పే సంభావ్యత క్లాసు: బాగుంది, ఒక్క లోటు తప్ప

ఐటీ ప్లేస్‌మెంట్ పరీక్షలకు చదివే మన పిల్లల కోసం బెంగళూరు మారతహళ్లిలో నడిచే వారాంతపు క్లాసు ఇది. ఒకదానిపై ఒకటి పడే గుంపుల లెక్కలు ఇక్కడ నిజంగా బాగా చెబుతారు. సూత్రం కన్నా ముందు వెన్ చిత్రం (గుంపులను ఒకదానిపై ఒకటి పడే వృత్తాలుగా చూపే బొమ్మ) గీయిస్తారు, అదీ వృత్తాలు కలిసే మధ్య గడి నుంచి మొదలుపెట్టి. సరైన పద్ధతి అదే.

బోర్డు మీది లెక్క చూడండి. 60 మందిలో తెలుగు వచ్చినవాళ్లు 35, కన్నడ వచ్చినవాళ్లు 28, రెండూ వచ్చినవాళ్లు 12. మధ్యలో 12 వేస్తే తెలుగు మాత్రమే 23, కన్నడ మాత్రమే 16, బయట 9. కనీసం ఒకటి వచ్చే సంభావ్యత 51/60. కచ్చితంగా ఒకటే అయితే 39/60. ఈ "కనీసం", "కచ్చితంగా" దగ్గరే ఎక్కువమంది మార్కులు పోగొట్టుకుంటారు. కన్నడ వచ్చిన మనిషికి తెలుగు కూడా వచ్చే సంభావ్యత 12/28, అంటే 3/7. కింద 60 వేస్తే తప్పు, ఎందుకంటే ఇప్పుడు మన లోకం ఆ 28 మందే.

35/60ని 28/60తో గుణించి "రెండూ" రాబట్టేవాళ్లూ ఉంటారు. అలా చేస్తే సుమారు 0.27 వస్తుంది, అసలు విలువ 0.2. స్వతంత్ర ఘటనలకే, అంటే ఒకదాని ప్రభావం మరొకదానిపై లేనివాటికే, ఇలాంటి గుణకారం చెల్లుతుందని ఇక్కడ గట్టిగా చెబుతారు, సంతోషం.

లోటల్లా మూడు గుంపుల దగ్గర. మూడు గుంపులనూ కూడి, రెండేసి గుంపుల్లో ఉన్నవాళ్లను తీసేశాక, మూడింటిలోనూ ఉన్నవాళ్లను తిరిగి కలపాలి. పై లెక్కకు మూడో భాష కూడా చేర్చి, మూడూ వచ్చినవాళ్లు 5 మంది అనుకుందాం. "రెండూ వచ్చినవాళ్లు 12" అన్నప్పుడు ఆ 5 మంది అందులోనే ఉంటారు, కాబట్టి తెలుగు, కన్నడ మాత్రమే వచ్చినవాళ్ల గడిలో రాయాల్సింది 7. ఇంత కీలకమైనదాన్ని ఒక్క గంటలో ముగించేస్తున్నారు. ఇంకో పూట కేటాయించాలి.