గార్మిన్ ఫోర్‌రన్నర్ 255: మొదటి ట్రయథ్లాన్‌కి ఈ వాచ్ చాలా?

ముందే చెప్పేస్తా, ఈ రివ్యూ ఉద్యోగం చేసుకుంటూ పొద్దున పిల్లల స్కూల్ బస్ వచ్చే లోపు ట్రైనింగ్ ముగించుకోవాల్సిన వాళ్ళ కోసం. ప్రొఫెషనల్స్ ఎలా వాడతారో నాకు అనవసరం. హైదరాబాద్‌లో రోజుకి గంటా గంటన్నర, ఆదివారం ఇంకాస్త ఎక్కువ దొరికే మనలాంటోళ్ళకి, హాఫ్ మారథాన్ దాటి ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన రేస్) వైపు చూస్తున్నోళ్ళకి ఈ వాచ్ పనికొస్తుందా లేదా అన్నదే ఇక్కడ విషయం. పనికొస్తుంది, బాగా పనికొస్తుంది. కానీ దీని మీద పెట్టే డబ్బులో కొంత మిగుల్చుకుని ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ స్ట్రాప్ ఒకటి తీసుకోండి, ఇంకా మిగిలితే స్విమ్మింగ్ కోచ్‌కి ఇవ్వండి. దీనికంటే పై మోడల్ వాచ్ కొంటే వచ్చే లాభం కన్నా ఈ రెండిటి వల్ల వచ్చే లాభం చాలా ఎక్కువ అని నా గట్టి నమ్మకం.

255 వచ్చింది 2022 జూన్‌లో. దానికి ముందు 245 ఉండేది, రన్నర్స్‌లో చాలా మంది చేతికి అదే కనిపించేది, రన్నింగ్‌కి మంచి వాచే కానీ అందులో ట్రయథ్లాన్ మోడ్ లేదు, ఓపెన్ వాటర్ స్విమ్ (సముద్రంలో, చెరువులో ఈత) లేదు, తొక్కే బలాన్ని కొలిచే సైకిల్ పవర్ మీటర్ కనెక్ట్ కాదు, ఎత్తు కొలిచే బారోమీటర్ కూడా లేదు. ఇవన్నీ కావాలంటే అప్పట్లో 745, 945 లాంటి పెద్ద మోడల్స్‌కి వెళ్ళాల్సి వచ్చేది. 255లో ఈ నాలుగూ పెట్టేశారు. మనకి అసలు లాభం అక్కడే.

ట్రయథ్లాన్ మోడ్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం చెప్తా. స్విమ్, సైకిల్, రన్ మూడూ ఆగకుండా వరసగా చేస్తాం కదా, మధ్యలో బట్టలు షూస్ మార్చుకునే టైమ్ కూడా రేస్ టైమ్‌లోనే కలుస్తుంది, వాటినే టీ1, టీ2 అంటారు. వాచ్‌లో ఒకసారి స్టార్ట్ నొక్కి నీళ్ళలోకి దిగితే చాలు, బయటికొచ్చాక కింద కుడివైపు బటన్ నొక్కితే టీ1, సైకిల్ ఎక్కేటప్పుడు మళ్ళీ నొక్కితే బైక్, అలా చివరిదాకా ఒకే ఫైల్‌గా రికార్డ్ అవుతుంది. చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ ట్రాన్సిషన్‌లో ఎంత టైమ్ పోతుందో నంబర్ రూపంలో కనపడితే తప్ప మనం దాన్ని ప్రాక్టీస్ చెయ్యం. ఆదివారం సైకిల్ తొక్కి దిగగానే పదిహేను ఇరవై నిమిషాలు పరిగెత్తే బ్రిక్ సెషన్‌కి కూడా ఇదే మల్టీస్పోర్ట్ మోడ్ వాడండి, రేస్ రోజుకి వేలు తడుముకోకుండా బటన్ మీదకి పోతుంది. స్విమ్ స్టార్ట్‌లో జనం చేతులూ కాళ్ళూ తగులుతుంటాయి, బటన్ దానంతట అది నొక్కుకుపోయే ఛాన్స్ ఉంటుంది, అందుకని బటన్లు లాక్ చేసే ఆప్షన్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. కొత్తగా రేసులకి ట్రైన్ అయ్యేవాళ్ళు చాలా మంది ఈజీ రన్‌ని ఈజీగా చెయ్యరు. కేబీఆర్ పార్క్ చుట్టూ పొద్దున ఐదున్నరకి నిలబడి చూడండి, మాట్లాడలేనంత రొప్పుతూ పరిగెత్తేవాళ్ళే సగం మంది. వాళ్ళని అడిగితే ఈజీ రన్ అంటారు. రోజూ అలా మధ్యస్థం స్పీడ్‌లో పరిగెత్తితే అలసట పేరుకుపోతుంది, ఇంటర్వల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరిగెత్తడం) చెయ్యాల్సిన రోజు కాళ్ళు లేవవు, కొన్నాళ్ళకి షిన్ నొప్పో మోకాలి నొప్పో వచ్చి రెండు వారాలు కూర్చోవాలి. ఓర్పు పెరగాలంటే వారంలో ఎక్కువ భాగం నెమ్మదిగానే చెయ్యాలి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపడం, కండరాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరగడం లాంటివన్నీ ఆ నెమ్మది కిలోమీటర్లలోనే చాలావరకు జరుగుతాయి. ట్రయథ్లాన్‌కి ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే మూడు ఆటలకీ ఉన్నది ఒకే ఒళ్ళు. ఈ వాచ్‌లో హార్ట్ రేట్ అలర్ట్ పెట్టుకుంటే జోన్ (మనకి తగ్గ హార్ట్ రేట్ హద్దు) దాటగానే చెయ్యి వణికించి చెప్తుంది, నాకు ఈ వాచ్‌లో నచ్చిన వాటిలో మొదటిది అదే. మొదట్లో చాలా చిరాగ్గా ఉంటుంది, చిన్న ఎత్తు వచ్చినా నడవమంటుంది, పక్కనుంచి పెద్దాయన వాకింగ్‌లో దాటేసి పోతాడు. పోనివ్వండి. రెండు మూడు నెలలు ఓపిక పడితే అదే హార్ట్ రేట్‌కి స్పీడ్ పెరగడం గ్రాఫ్‌లో కనిపిస్తుంది, ఆ సంతోషం వేరు.

కాకపోతే ఆ అలర్ట్ సరిగ్గా పనిచెయ్యాలంటే రెండు పనులు చెయ్యాలి. ఒకటి, జోన్స్ మార్చుకోవడం. వాచ్ మొదట్లో వయసుని బట్టి మ్యాక్స్ హార్ట్ రేట్ ఊహించుకుంటుంది, 220లోంచి వయసు తీసేసే ఆ లెక్క సగటుకి ఓకే గానీ ఒక్కో మనిషికి పది పదిహేను బీట్లు అటూ ఇటూ ఉండడం మామూలే. మనది నిజంగా ఎంతో కొండ ఎక్కే ఇంటర్వల్స్ లాంటివి చేసి కనుక్కుని సెట్టింగ్స్‌లో పెట్టాలి, లేదంటే ఏ హార్ట్ రేట్ దాటితే అలసట వేగంగా వస్తుందో చెప్పే లాక్టేట్ థ్రెషోల్డ్ టెస్ట్ వాచ్‌లోనే ఉంది, దానికి స్ట్రాప్ కావాలి. నలభై దాటినవాళ్ళు, బీపీ షుగర్ ఉన్నవాళ్ళు ఇలాంటి గట్టి టెస్టులు చేసే ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

రెండోది ఆ స్ట్రాపే. మణికట్టు దగ్గర హార్ట్ రేట్ చూసే వాచ్‌లన్నీ, ఏ కంపెనీదైనా సరే, చర్మం మీదకి లైట్ కొట్టి రక్తం కదలికని చూస్తాయి. పరిగెత్తేటప్పుడు చెయ్యి ఊపుకీ చెమటకీ ఆ సిగ్నల్ చెదిరిపోయి కొన్నిసార్లు గుండె బదులు అడుగుల లెక్కని పట్టేసుకుంటుంది. మీ హార్ట్ రేట్ నిమిషానికి 170 దగ్గర అతుక్కుపోయి కదలకపోతే, మీకేమో హాయిగా మాట్లాడగలిగేలా ఉంటే, అది మీ కాళ్ళ లెక్క అయ్యుంటుంది. ఛాతీ స్ట్రాప్ గుండె ఎలక్ట్రికల్ సిగ్నల్‌నే పట్టుకుంటుంది కాబట్టి ఈ గొడవ ఉండదు. గార్మిన్ స్ట్రాపే కొనాలని లేదు, పోలార్ హెచ్10 కూడా దీనికి కనెక్ట్ అవుతుంది, మెజీన్ లాంటి తక్కువ రేటువి కూడా అవుతాయి. ఒక్క స్విమ్మింగ్‌కి మాత్రం తేడా ఉంది, బ్లూటూత్ సిగ్నల్ నీళ్ళలో పోదు, అందుకని లోపలే డేటా దాచుకుని బయటికొచ్చాక వాచ్‌కి పంపే గార్మిన్ హెచ్ఆర్ఎమ్ ప్రో లాంటిది కావాలి. నన్నడిగితే మొదటి రేస్‌కి స్విమ్‌లో హార్ట్ రేట్ అక్కర్లేదు, అక్కడ మన సమస్య గుండె కాదు టెక్నిక్.

ఎండాకాలం గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో అదే స్పీడ్‌కి హార్ట్ రేట్ పైకి పోతుంది, ఎందుకంటే ఒళ్ళు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, చెమటతో నీళ్ళు తగ్గుతాయి, గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. వైజాగ్ వాళ్ళకైతే తేమ వల్ల చెమట ఆరదు కాబట్టి ఇంకా కష్టం. అప్పుడు వాచ్ చూపించే వీఓటూ మ్యాక్స్ (ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంచనా) తగ్గినా కంగారుపడి స్పీడ్ పెంచకండి, ఎండాకాలం అంతా పేస్ (కిలోమీటర్‌కి పట్టే టైమ్) చూడ్డం మానేసి హార్ట్ రేట్ చూసుకుని పరిగెత్తితే సరిపోతుంది.

స్విమ్మింగ్‌కి వస్తే పూల్ మోడ్ బాగుంటుంది. పూల్ పొడవు మనమే చెప్పాలి, గోడ దగ్గర తిరిగి తోసుకున్నప్పుడల్లా ఒక లెంత్ లెక్కేస్తుంది, స్ట్రోకులు కూడా లెక్కేస్తుంది. గచ్చిబౌలి స్టేడియం లాంటి పెద్ద పూల్స్‌లో సాఫీగా పనిచేసే ఏర్పాటు ఇది, అపార్ట్‌మెంట్ కింద ఉండే చిన్న వంకర పూల్స్‌కి కాదు. కిక్ బోర్డ్ పట్టుకుని కాళ్ళే ఆడిస్తే చెయ్యి కదలదు కాబట్టి దూరం లెక్క తెలియదు, దానికి డ్రిల్ లాగ్ అని ఉంది, మనమే ఎంత చేశామో ఎంటర్ చెయ్యొచ్చు. నేను ఎక్కువగా చూసేది ఒక లెంత్‌కి ఎన్ని స్ట్రోకులు పడుతున్నాయి అన్నదే, టైమ్ మారకుండా స్ట్రోకులు తగ్గుతుంటే కోచ్ చెప్పింది ఒంటికి పడుతున్నట్టు లెక్క. సముద్రంలోనో చెరువులోనో అయితే జీపీఎస్ సిగ్నల్ నీళ్ళ కింద అందదు, చెయ్యి పైకి లేచినప్పుడే దొరుకుతుంది, కాబట్టి మ్యాప్ మీద గీత కాస్త వంకరగా వచ్చినా ఏ వాచ్‌కైనా అది మామూలే. ఓపెన్ వాటర్‌కి మాత్రం ఒంటరిగా పోవద్దు, నడుముకి కట్టుకునే, నీళ్ళ మీద తేలుతూ దూరానికి కనిపించే రంగు స్విమ్ బోయా ఒకటి తప్పనిసరి. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 టార్గెట్‌గా పెట్టుకున్నవాళ్ళు మనలో చాలా మంది ఉన్నారు, అందులో 1.9 కిలోమీటర్ల ఈత సముద్రంలోనే, తర్వాత 90 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 21.1 పరుగు. పూల్‌లో ఎంత బాగా ఈదినా తల ఎత్తి దిక్కు చూసుకోవడం నేర్చుకోకపోతే ఆ 1.9 కాస్తా రెండు దాటిపోతుంది, అది వాచ్ నేర్పలేదు, అందుకే కోచ్ అంటున్నా.

జీపీఎస్ విషయంలో 255 పెద్ద అడుగే. మల్టీ బ్యాండ్ అంటే ఒక్కో శాటిలైట్ నుంచి రెండు ఫ్రీక్వెన్సీలు పట్టుకుంటుంది, అద్దాల బిల్డింగులకి తగిలి తిరిగొచ్చే దొంగ సిగ్నల్‌ని అసలు సిగ్నల్ నుంచి విడదీయడం తేలికవుతుంది. హైటెక్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ బిల్డింగుల మధ్య, మెట్రో లైన్ కింద ఇంటర్వల్స్ చేసేవాళ్ళకి ఇది చాలా అవసరం. ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్ఆర్) పక్కన 2023 అక్టోబర్‌లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, లారీల భయం లేకుండా సైకిల్ ప్రాక్టీస్‌కి మనకి దొరికిన వరం అది, తలపైన ప్యానెల్స్ ఉంటాయి కాబట్టి అక్కడ కూడా మల్టీ బ్యాండ్ ఆన్‌లోనే పెట్టుకోండి. బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారం మామూలు వాడకానికి 14 రోజులు, ఒట్టి జీపీఎస్‌తో 30 గంటలు, మల్టీ బ్యాండ్‌తో 16 గంటలు. 70.3కి కటాఫ్, అంటే రేస్ ముగించాల్సిన గడువు, ఎనిమిదిన్నర గంటలు కాబట్టి ఫుల్ చార్జ్‌తో పోతే ఏ చింతా లేదు. దానికి రెట్టింపు దూరం ఉండే ఫుల్ ఐరన్‌మ్యాన్‌కి కటాఫే 17 గంటల దాకా ఉంటుంది, ఆ స్థాయికి పోయేవాళ్ళు మోడ్ తగ్గించుకోవాల్సి ఉంటుంది.

బారోమీటర్ ఎందుకంటే హైదరాబాద్ చదును ఊరు కాదు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్ పరిగెత్తినవాళ్ళకి ఆ ఫ్లైఓవర్ల సంగతి చెప్పక్కర్లేదు, ఒకటి దిగగానే ఇంకోటి. ఎంత ఎక్కామో సరిగ్గా తెలిస్తే ట్రైనింగ్‌లో ఎన్ని ఎత్తులు పెట్టాలో తెలుస్తుంది.

రోజూ ఏం చెయ్యాలో వాచ్ ఇచ్చే సలహా, అంటే డైలీ సజెస్టెడ్ వర్కౌట్, రన్‌కీ సైకిల్‌కీ వస్తుంది, రేస్ తేదీ క్యాలెండర్‌లో పెడితే దానికి తగ్గట్టు మారుతుంది. ఒట్టి 10కే, హాఫ్‌కి తయారయ్యేవాళ్ళకి ఇది చాలు. ట్రయథ్లాన్‌కి మాత్రం నేను దీన్ని పూర్తిగా నమ్మమని చెప్పను, మూడు ఆటల వారం ప్లాన్ మనమే కాగితం మీద రాసుకోవాలి, లేదా కోచ్ రాయాలి. గార్మిన్ కోచ్ ప్లాన్స్ కూడా ఫ్రీగానే ఉన్నాయి, అందులో రన్-వాక్ పద్ధతితో పేరు తెచ్చుకున్న జెఫ్ గాలోవే ప్లాన్ మొదటి హాఫ్‌కి చాలా మంచిది. నిద్రలో హెచ్‌ఆర్‌వీ (గుండె కొట్టుకునే మధ్య విరామాల్లో తేడా) చూసి ఒళ్ళు కోలుకుందా లేదా చెప్పే ఫీచర్‌కి మూడు వారాలు వరసగా వాచ్ పెట్టుకుని పడుకోవాలి, అప్పటిదాకా ఆ తీర్పు చూపించదు, ఆ తర్వాత మాత్రం పెళ్ళిళ్ళ సీజన్‌లో నిద్ర లేని రాత్రులూ, ఆఫీసు రిలీజ్ వారాలూ ట్రైనింగ్‌ని ఎంత తింటున్నాయో కళ్ళకి కడుతుంది. మన రేస్ టైమ్ ఊహించి చెప్పే రేస్ ప్రెడిక్టర్ చూపించే ఫుల్ మారథాన్ టైమ్‌ని మాత్రం పక్కన పెట్టండి, లాంగ్ రన్స్ లేకుండా ఆ టైమ్ ఎవరికీ రాదు.

లేనివి ఏంటంటే మ్యాప్స్ లేవు, టచ్ లేదు, పాటలు కావాలంటే మ్యూజిక్ అని రాసున్న వేరే వేరియంట్ తీసుకోవాలి. స్క్రీన్ ఫోన్‌లా మెరవదు, అది కావాలంటే 2023లో వచ్చిన 265 చూడండి, కానీ ఎర్రటి ఎండలో ఈ మెరవని స్క్రీనే చక్కగా కనిపిస్తుంది, తడి చేతులతో బటన్లే నయం, ట్రయథ్లాన్‌కి ఈ రెండూ నాకు లోపాల్లా అనిపించవు. ట్రెయిల్ రన్స్‌కి అడవుల్లోకి పోయేవాళ్ళు మ్యాప్స్ ఉన్న 955 వైపు పోవచ్చు. బరువూ బ్యాటరీ ముఖ్యం అనుకుంటే కోరోస్ పేస్ 3 కూడా చూడదగ్గదే, నైలాన్ బ్యాండ్‌తో 30 గ్రాములే, అందులోనూ ట్రయథ్లాన్ మోడ్ ఉంది.

సైజు విషయానికొస్తే 255 అంటే 46 ఎంఎం, 49 గ్రాములు, 255ఎస్ చిన్నది, 39 గ్రాములు. సన్నటి మణికట్టు ఉన్నవాళ్ళు ఎస్ తీసుకోండి, వదులుగా ఉంటే సెన్సర్ రీడింగ్ ఇంకా పాడవుతుంది. కొత్త మోడల్స్ వచ్చేశాయి కాబట్టి రన్నింగ్ గ్రూపుల్లో సెకండ్ హ్యాండ్ కూడా దొరుకుతోంది, కొనే ముందు వెనకాల చార్జింగ్ పిన్స్ దగ్గర తుప్పు ఉందేమో చూడండి, ఐదు బటన్లూ ఒక్కోటీ నొక్కి చూడండి, అరగంట జీపీఎస్ ఆన్ చేసి బ్యాటరీ ఎంత తగ్గిందో చూడండి. కొన్నాక పూల్ నుంచో సముద్రం నుంచో వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, పిన్స్ పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టండి.