14 రోజుల సమ్మర్ క్యాంప్: మూడు స్టార్లే ఎందుకిచ్చానంటే

బ్యాగ్ తెరవగానే ముందు కనిపించింది టూత్‌పేస్ట్. సీల్ కూడా తీయలేదు. రెండు వారాలు పళ్ళు తోముకోలేదా అని గుండె గుభేలుమంది. అడిగితే మా చిన్నది నన్నే వింతగా చూసి "ఎనిమిది మందిమీ ఒకటే ట్యూబ్ వాడాం అమ్మా, మా రూమ్ రూల్ అది" అంది. బ్యాగ్‌లో ఇంకా తనవి కాని సాక్స్ మూడు ఉన్నాయి, తన టవల్ మాత్రం లేదు. మణికట్టుకి ఐదు రంగుల దారాలతో అల్లిన బ్యాండ్ ఒకటి, స్నానానికి కూడా తీయనంటోంది.

దానికి 11 ఏళ్ళు. ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదటిసారి. చెరువు పక్కన, అక్కడే తిని అక్కడే పడుకునే క్యాంప్. పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను మెచ్చుకోబోయేవీ తిట్టబోయేవీ ఇలాంటి క్యాంపులు చాలావాటిలో ఉండేవే అని నా అనుమానం.

బ్రోషర్ నిండా యాక్టివిటీల పేర్లే. లెక్కపెట్టాను, 17. డబ్బు కట్టేటప్పుడు నేనూ వాటినే చూశాను, అబద్ధం ఎందుకు. తీరా వచ్చాక ఆర్చరీ ఎలా ఉందే అంటే "బావుంది". స్విమ్మింగ్? "బావుంది". డ్రామా, క్లే, తాడు పట్టుకుని గోడ ఎక్కడం, అన్నిటికీ అదే ముక్క. విసుగొచ్చి, రాత్రి లైట్లు ఆపాక ఏం చేసేవాళ్ళు అని అడిగాను. అంతే, గంటసేపు ఆపలేదు. పై బంక్‌లో పడుకునే అమ్మాయి టార్చ్‌కి షూ లేసు కట్టి, మంచం కమ్మీకి వేలాడదీసి, మెలితిప్పి వదిలేదట. వెలుగు గదంతా గిర్రున తిరిగి చివరికి ఎవరి మీద ఆగితే వాళ్ళు అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పాలట. మరి నువ్వేం చెప్పావు అన్నాను. "నీకు చెప్తే ఇంకేముంది" అని దుప్పటి ముసుగేసుకుంది.

ఇక్కడే మొదటి ఫిర్యాదు. పొద్దున లేచింది మొదలు విజిల్ మీద విజిల్, ఒక యాక్టివిటీ నుంచి ఇంకోదానికి పరుగు. మధ్యాహ్నం తిన్నాక ఒకే ఒక్క గంట ఖాళీ. పిల్ల చెప్పే కథల్లో సగం ఆ గంటలోవి, మిగతా సగం లైట్లు ఆపాకవి. అమెరికాలో మొట్టమొదటి సమ్మర్ క్యాంప్ అని చాలామంది చెప్పేది 1861 నాటిది. కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే హెడ్మాస్టర్ బడి పిల్లల్ని వెంటేసుకుని సముద్రం ఒడ్డుకి నడిచి వెళ్ళి రెండు వారాలు గుడారాల్లో ఉన్నాడు. పడవలు, చేపలు పట్టడం, తిరగడం, అంతే. అదీ రెండు వారాలే, ఇదీ రెండు వారాలే. మనవాళ్ళకి 17 ఎందుకో నాకర్థం కాలేదు. అందులో ఐదారు తీసేసి ఆ టైమ్ పిల్లలకి వదిలేస్తే ఇంకో అర స్టార్ ఇచ్చేదాన్ని.

అసలు కోపం ఆఫీసు మీద. మొదటి మూడు రాత్రులూ ఇది ఏడ్చింది. మేం ఫోన్ చేసిన ప్రతిసారీ "చాలా హ్యాపీగా ఉంది మేడమ్" అన్నారు. అదే గొంతు, అదే వాక్యం, నేనెవరి అమ్మనో కూడా కనుక్కోకుండా. ఆరో రోజు ఉత్తరం వచ్చింది, "అమ్మా నన్ను తీసుకెళ్ళిపో, మాటిచ్చావు కదా" అని, చివరి అక్షరాలు తడిసి అలుక్కుపోయి. రాసింది రెండో రోజు, చేరింది ఆరో రోజు. ఈలోపు అది మామూలైపోయి చెరువులో గెంతుతోందని మాకేం తెలుసు? మా ఆయన కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు కూడా.

బెంగ కొత్త సంగతేం కాదు. 1688లోనే యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి మీద బెంగ గురించి సిద్ధాంత వ్యాసం రాశాడు. నోస్టాల్జియా అనే మాట అతను కల్పించిందే, ఒక జబ్బుకి పేరుగా. బెంగ పెట్టుకోవడం తప్పు కాదు, పెట్టుకుందని చెప్పకపోవడం తప్పు. "నిన్న ఏడ్చింది, ఇవాళ కొంచెం నయం, ఇంకో రెండు రోజులు చూద్దాం" అని ఉంటే నేను నిద్రపోయేదాన్ని. దీనికి ఒక స్టార్ కోత.

ఇందులో నా తప్పూ ఉంది, చెప్పేస్తున్నా. బయల్దేరే ముందు "నచ్చకపోతే ఒక్క మాట చెప్పు, వచ్చి తీసుకొచ్చేస్తా" అన్నాను, ధైర్యం చెప్తున్నాననుకుని. 2007లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల సంఘం తరఫున క్రిస్టఫర్ థర్బర్, ఎడ్వర్డ్ వాల్టన్ బెంగ మీద రాసిన రిపోర్టులో ఇలాంటి మాట ముందే ఇవ్వొద్దనే ఉంది. ఆ మాట వల్ల పిల్ల అక్కడ కుదురుకునే ప్రయత్నం మానేసి మనం వచ్చే రోజు కోసం చూస్తూ కూర్చుంటుంది. మాది సరిగ్గా అదే చేసింది, మూడు రోజులు గేటు కనిపించే మెట్టు మీదే కూర్చుందట.

దాన్ని ఆ మెట్టు మీంచి లేపింది వాళ్ళ రూమ్ కౌన్సెలర్. ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో, చిన్నప్పుడు ఇదే క్యాంప్‌కి వచ్చిన అమ్మాయి, పిల్లలంతా అక్కా అనే పిలుస్తారు. ఏడవకు అనలేదట. ఇంటికెళ్తావా అని కూడా అడగలేదట. పక్కన కూర్చుని, కాసేపాగి, "నాకు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టేవాళ్ళు కావాలి, నాకేమో మధ్యలో లెక్క తప్పుతుంది" అందట. అవి 24. చెరువులోకి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. నాలుగో రోజు 23 వచ్చాయి. మాది ఎవర్నీ భోజనానికి కదలనివ్వలేదు. మళ్ళీ లెక్క, మళ్ళీ 23. చివరికి పడవ కింద బోర్లా పడి ఉంది ఇంకోటి, పట్టీ ఒకటి మేకుకి చిక్కుకుని. ఆ సాయంత్రం నుంచి దాని పేరు "ఇరవైనాలుగు". ఇంటికొచ్చాక కూడా ఫోన్‌లో ఎవరో "ఇరవైనాలుగూ!" అని అరుస్తున్నారు, ఇది పలుకుతోంది.

ఆ పేరు దానికెందుకంత ముద్దో అర్థం కావడానికి నాకు కొన్ని రోజులు పట్టింది. బళ్ళో మా చిన్నది ఎవరంటే, మా పెద్దదాని చెల్లెలు. టీచర్లకీ అంతే, బస్సులోనూ అంతే. మీ అక్క అంత బాగా పాడేది, నువ్వేంటి ఇలా? క్యాంప్‌లో దానికి అక్క ఉందనే ఎవరికీ తెలీదు. తిరిగొచ్చిన పిల్లలు మారిపోయారంటారు కదా, నాకలా అనిపించలేదు. ఇది అదే పిల్ల. మొండిది, ఏ లెక్కా తేలేదాకా వదలదు. ఇంట్లో దాన్నే చాదస్తం అని విసుక్కునేవాళ్ళం.

మన గురించి ముందే ఎవరికీ తెలియని చోటు ఏం చేయగలదో చెప్పడానికి చాలా పెద్ద ఉదాహరణ న్యూయార్క్ రాష్ట్రంలో ఒకప్పుడు నడిచిన క్యాంప్ జెనెడ్. వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. పోలియోతో వీల్‌చెయిర్‌లో తిరిగిన జూడిత్ హ్యూమన్ చిన్నప్పుడు ప్రతి వేసవీ అక్కడికి వెళ్ళింది. అందరికీ ఏదో ఒక ఇబ్బంది ఉన్న చోట ఎవరూ ప్రత్యేకం కారు కదా. అక్కడ రాత్రుళ్ళు కూర్చుని మాట్లాడుకున్న వాళ్ళలో కొందరు తర్వాత హక్కుల పోరాటంలోకి వచ్చారు. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా కదలకుండా బైఠాయించినప్పుడు ముందు నిలబడ్డవాళ్ళలో జూడిత్ ఒకరు. మా లైఫ్ జాకెట్ల కథ దానిముందు ఏపాటిది అనుకోండి. కానీ "ఇక్కడ నా గురించి ముందే ఎవరికీ ఏమీ తెలీదు" అనే ఆ హాయి మాత్రం రెండు చోట్లా ఒకటేనేమో అనిపిస్తుంది.

ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు, ఇది పూర్తిగా కరెక్ట్. 2014లో అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ వాళ్ళు ఆరో తరగతి పిల్లలు 51 మందిని ఐదు రోజులు స్క్రీన్లు లేని క్యాంప్‌లో ఉంచి చూశారు. ఎదుటివాళ్ళ మొహం చూసి మనసులో ఏముందో కనిపెట్టడంలో వాళ్ళు క్యాంప్‌కి వెళ్ళకుండా ఎప్పటిలా స్క్రీన్లు చూస్తూ ఉన్న పిల్లల కంటే ఎక్కువ మెరుగుపడ్డారట. ఐదు రోజులకే పెద్ద మాటలు అనను గానీ, మాది వచ్చిన రోజే "నువ్వు నా మీద అలిగావు కదూ" అని పట్టేసింది. చిక్కల్లా నాతోనే. క్యాంప్ యాప్‌లో రాత్రికి మూడు వందల ఫొటోలు పెడతారు. నేను అర్ధరాత్రి దాకా జూమ్ చేసుకుంటూ, వెనక వరసలో ఆ మోచేయి మనదేనా, ఎందుకు నవ్వట్లేదు, పక్కన ఎవరూ లేరేంటి అని ఒకటే టెన్షన్. పిల్ల చేతిలో ఫోన్ మాన్పించి నాకు అంటించారు. ఏడో రోజు యాప్ తీసేశాను.

ఆఖరి నాలుగు రోజులు రెడ్ టీమ్, బ్లూ టీమ్ అని రెండుగా చీల్చి పోటీలు. ఒకే రూమ్‌లో వాళ్ళని అటు నలుగురు, ఇటు నలుగురు. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్ట్ ఓక్లహోమాలో 22 మంది అబ్బాయిలతో క్యాంప్ పెట్టి, రెండు గుంపులు చేసి పోటీ పెడితే వారం తిరక్కుండా జెండాలు తగలబెట్టుకుని ఒకళ్ళ గదుల మీద ఒకళ్ళు దాడి చేశారు. ఇద్దరికీ కావలసిన నీళ్ళు ఆగిపోయి, కలిసి పని చేయాల్సి వచ్చాక గానీ చల్లబడలేదు. ఇంత పాత పాఠం క్యాంప్ నడిపేవాళ్ళకి తెలీదా? మా రూమ్‌లో జెండాలేం కాలలేదు గానీ టార్చ్ ఆట ఆగిపోయింది. టార్చ్ అమ్మాయి బ్లూ. చివరి రోజు బస్సు దగ్గర ఇద్దరూ కౌగిలించుకున్నారట గానీ "ముందులా కాదమ్మా" అంది. అందుకే ఇంకో అర స్టార్ పోయింది.

వచ్చే ఏడు పంపిస్తామా? పేరు అప్పుడే ఇచ్చేశాం, అదే కౌన్సెలర్ ఉంటుందో లేదో మాత్రం రెండుసార్లు అడిగి కనుక్కున్నాను, యాక్టివిటీల లిస్ట్ తెరిచి చూడలేదు. మీరూ పంపేటట్టయితే పిల్లతో ఒక ఉత్తరం ముందే పంపించండి, మొదటి రాత్రి చదువుకోమని. తీసుకొచ్చేస్తానని మాత్రం అందులో రాయకండి. సాక్స్ మీద పేరు కుట్టండి. మూడిట్లో రెండు ఎవరివో తేలాయి, పంపించేశాం. మూడోది నీలం చారలది, ఎవరిదో దీనికి తెలుసు, చెప్పట్లేదు. ఉతకడానికి కూడా ఇవ్వట్లేదు.