జిమ్నీతో రెండు వానాకాలాలు: మీటలు, లీవరు, లో గేరు గురించి నా అనుభవం

పాడేరు చుట్టుపక్కల కొండ పల్లెల్లో పశువైద్యం నా వృత్తి. వానలు మొదలయ్యేలోపు గొంతువాపు టీకాలు వేసి రావడానికి, వానలు పట్టాక ఈనలేక అవస్థపడుతున్న ఆవు దగ్గరికి అర్ధరాత్రి చేరడానికి, తారురోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఇంకో ఐదారు కిలోమీటర్లు పోగలిగే బండి నాకు అవసరం. మారుతి సుజుకి 2023 జూన్‌లో నాలుగు చక్రాలూ లాగగల ఐదు తలుపుల జిమ్నీని విడుదల చేసింది. ఆ ఏడాది చివర్లో నేను అందులో ఆల్ఫా అనే పై రకాన్ని, చేత్తో గేర్లు మార్చుకునేదాన్ని (మాన్యువల్) కొన్నాను. అప్పటి నుంచి రెండు వానాకాలాలు పూర్తిగా గడిచాయి, మీటరు 46,000 కిలోమీటర్లు దాటింది. బండి రూపం గురించీ ధర గురించీ చాలామంది రాశారు కనుక, డ్రైవరు సీట్లో కూర్చున్నవారి చేతికీ కాలికీ అందే వాటి గురించి, అంటే మీటలు, లీవరు, గేర్లు, బ్రేకుల తీరు గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

డాష్‌బోర్డు బల్లపరుపుగా, అడ్డంగా సాగిన ఒకే గీతలా ఉంటుంది. ఇది అలంకారం కోసం చేసినది కాదని నాకు కొండవాలు మీదే తెలిసింది. బండి ఒక పక్కకు వొరిగినప్పుడు ఆ అంచును ఎదుటి నేలతో పోల్చి చూస్తే, ఎంత వొరిగామో వెంటనే అర్థమవుతుంది. అలాగే బానెట్టు రెండు మూలలూ సీట్లోంచి కనబడతాయి కాబట్టి, ఇరుకు దారిలో గట్టు అంచుకూ చక్రానికీ మధ్య ఎంత జాగా మిగిలిందో ఊహించుకోనక్కరలేదు. రెండు చదరపు డయళ్లలో ఎడమదో కుడిదో వెతుక్కోకుండానే వేగమూ ఇంజను చుట్లూ ఒక్క చూపులో అందుతాయి. ఏసీకి మూడు పెద్ద గుండ్రటి తిప్పుడు మీటలున్నాయి. పని ముగించుకుని వచ్చేసరికి నా చేతులు తడిగా ఉంటాయి, ఒక్కోసారి రబ్బరు తొడుగులు ఇంకా చేతికే ఉంటాయి. అయినా ఆ మీటలు పట్టు తప్పవు. వానలో అద్దానికి ఆవిరి పట్టగానే చూడకుండానే చెయ్యి చాచి గాలిని ముందు అద్దం వైపు తిప్పగలుగుతున్నాను. కొండదారిలో ఇంతకు మించిన సౌకర్యం నేను కోరను.

తొమ్మిది అంగుళాల తెర విషయం వేరు. గతుకుల దారిలో ఏ బండిలోనైనా తెరను వేలితో తాకి పని చేయించుకోవడం నమ్మదగినది కాదు. వేలు ఒకచోట పెడితే కుదుపు ఇంకోచోట నొక్కిస్తుంది. అందుకే బయల్దేరే ముందే దానితో ఉన్న పనులన్నీ ముగించి, తరువాత స్టీరింగు మీది మీటలతోనే సరిపెట్టుకుంటాను. ముందు కిటికీ అద్దాల మీటలు తలుపు మీద కాకుండా నడిమధ్య, ఏసీ మీటల కింది వరుసలో ఉంటాయి. మొదటి నెలంతా నా చెయ్యి అలవాటు కొద్దీ తలుపు మీదే తడుముకునేది. తరువాత ఆ అమరికలోని మేలు తెలిసింది: వానలో తలుపు తీసి పెట్టుకుని మందుల పెట్టె దించుతున్నప్పుడు ఆ మీటల మీద నీళ్లు పడవు. పైకప్పు అంచున నీళ్లు జారే గాడి కూడా ఉండడంతో, తలుపు తీయగానే సీటు మీదికి ధార కారడం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. గేరు లీవరు పక్కనే ఉండే రెండో పొట్టి లీవరులో 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని మూడు స్థానాలున్నాయి. 2హెచ్‌లో వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి, 4హెచ్‌లో నాలుగూ లాగుతాయి, 4ఎల్‌లో, అంటే లో గేరులో, నాలుగు చక్రాలూ లాగుతూనే వేగం సగానికి తగ్గి లాగుడు రెట్టింపవుతుంది. 2హెచ్ నుంచి 4హెచ్‌కు నడుస్తూనే మార్చుకోవచ్చు. స్టీరింగు తిన్నగా ఉంచి, యాక్సిలరేటరు మీద కాలు కాస్త వదిలి, లీవరును వెనక్కి లాగితే ముందు చక్రాలను ఇరుసుకు కలిపే హబ్బులు వాక్యూమ్ సాయంతో బిగుసుకుంటాయి, డాష్ మీద గుర్తు వెలుగుతుంది. ఆ గుర్తు నిలకడగా వెలిగేదాకా నేను బురదలోకి దిగను. 4ఎల్‌కు మాత్రం బండి పూర్తిగా ఆగాలి, క్లచ్ అడుగుదాకా తొక్కాలి, లీవరును కిందికి నొక్కి వెనక్కి తేవాలి. ఈ పనికి మీట నొక్కుడు కాకుండా లీవరు పెట్టడం నాకు నచ్చింది. గేరు పడిందో లేదో అరచేతికే తెలిసిపోతుంది.

కొత్తగా కొన్నవారు మొదట నేర్చుకోవలసినది 4హెచ్‌ను ఎక్కడ వాడకూడదో. ఈ బండిలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్, అంటే రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం పోవాలి, కానీ 4హెచ్‌లో రెండు ఇరుసులూ ఒకే వేగానికి కట్టుబడి ఉంటాయి. బురదలోనైతే చక్రం కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు కాబట్టి ఆ బిగువంతా షాఫ్టుల్లోకీ గేర్లలోకీ పోతుంది. కొన్న కొత్తలో ఒక సంతరోజున బురద దాటి వచ్చి, 2హెచ్‌కు మార్చడం మరచిపోయి, ఎండిన రోడ్డు మీద బండిని వెనక్కి తిప్పబోయాను. ఎవరో బ్రేకు పట్టి లాగుతున్నట్టు బండి బిగదీసుకుపోయింది, స్టీరింగు బరువెక్కింది. తప్పు నాదేనని అర్థమయ్యాక తిన్నగా పది అడుగులు వెనక్కి పోనిచ్చాను. బిగువు సడలి లీవరు 2హెచ్‌లోకి సులువుగా వచ్చింది. అప్పటి నుంచి తారు తగలగానే చెయ్యి దానంతట అదే లీవరు మీదికి పోతోంది.

దీనికే సంబంధించిన ఇంకో సంగతి ఉంది. ఒకసారి వెనక టైరు ఒకటి రాయికి చీలిపోతే, దారిలోని ఒక టైర్ల దుకాణంలో అచ్చం అదే కొలత అని చెప్పి వేరే టైరు వేశారు. నేనూ పక్కనున్న అంకెలు చదివి చూసుకోలేదు. ఆ వారమంతా 4హెచ్‌లో పోతుంటే బండి అడుగు నుంచి సన్నని మూలుగు, 2హెచ్‌కు మారుద్దామంటే లీవరు రాకపోవడం. చివరికి నాలుగు టైర్ల చుట్టుకొలతలూ టేపుతో కొలిస్తే కొత్తది మిగతావాటికంటే చిన్నదని తేలింది. చుట్టుకొలత తక్కువైన చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి, అంటే తిన్నని దారిలో కూడా ఇరుసుల మధ్య బిగువు పెరుగుతూనే ఉంటుంది. ఇటువంటి బండికి 195/80 ఆర్15 అనే కొలత ఒక్కటే చాలదు, నాలుగు టైర్ల అరుగుదల కూడా ఒకేలా ఉండాలి. ఇప్పుడు స్టెప్నీని కూడా కలుపుకుని ఐదింటినీ వరుస తప్పకుండా మార్చి మార్చి వాడుతున్నాను.

4ఎల్ విషయంలో నాకు పాఠం నేర్పింది గత ఏడాది జూలైలో ఎక్కిన ఒక ఎర్రమట్టి వాలు. కింద గెడ్డ (వాగు), పైన పది పదిహేను ఇళ్ల గూడెం, మధ్యలో ట్రాక్టరు చక్రాలు తొవ్విన లోతైన గాళ్లు. 4హెచ్ మొదటి గేరులో ఊపు మీద ఎక్కేద్దామనుకున్నాను. సగం ఎక్కాక ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గోతుల మీద తేలిపోయాయి. తేలిన చక్రాలు గిర్రున తిరిగాయి, బండి జారకుండా చూసే ఈఎస్‌పీ ఏర్పాటు వెంటనే ఇంజను జోరు తగ్గించేసింది, బండి ఆగిపోయింది. అక్కడే హ్యాండ్‌బ్రేకు వేసి 4ఎల్‌లోకి మార్చబోతే లీవరు కదలలేదు. వాలు మీద బరువంతా గేర్లపై బిగుసుకుని ఉండగా అది ఎలా వస్తుంది? బ్రేకు వదిలి మూరెడు వెనక్కి జారనిచ్చాకే వచ్చింది. 4ఎల్‌లో పనిచేసే ఏర్పాటు వేరు: గాలిలో తిరిగే చక్రానికి బండి తనంతట తానే బ్రేకు వేసి, నేల మీదున్న చక్రానికి బలం పంపుతుంది. కానీ ఆ పని జరగాలంటే మనం కాలు వదలకూడదు. చక్రం తిరుగుతోందని భయపడి నేను రెండుసార్లు యాక్సిలరేటరు వదిలేశాను, రెండుసార్లూ బండి ఉన్నచోటే ఉండిపోయింది. దిగి బయట నిలబడి చూస్తున్న గోపాలమిత్ర (పల్లెల్లో పశువులకు ఎద సూదులు వేసే కార్యకర్త) గట్టిగా అరిచాడు: “సార్, కాలు తియ్యకండి, చక్రం పడుతోంది!” మూడోసారి ముల్లును రెండు వేల చుట్ల దగ్గర కదలకుండా ఉంచాను. కింద కటకటమని బ్రేకుల చప్పుడు, ఒక క్షణం ఏమీ జరగనట్టు నిశ్శబ్దం, ఆ వెంటనే కుడి ముందు చక్రం రాతిని కరిచి పట్టుకుంది. బండి నడక వేగంతో పైకి పాకింది.

ఆ రోజు దిగబడే ముందు వాలు మొదట్లోనే 4ఎల్ వేసుకుని ఉంటే అంత శ్రమ ఉండేది కాదు. ఇప్పుడు నేను పాటించే పద్ధతి అదే. అనుమానం వచ్చిన చోట ముందే ఆగి, దిగి, దారి నడిచి చూసి, లో గేరు వేసుకునే కదులుతాను. లో గేరు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఈ 1462 సీసీ పెట్రోలు ఇంజను లాగుడు 134 న్యూటన్ మీటర్లు, అదీ 4000 చుట్ల దగ్గర అందుతుంది. అంటే అడుగున బలం తక్కువ. 4హెచ్ మొదటి గేరులో మెల్లగా పాకించాలంటే సగం క్లచ్ మీద నడపాల్సి వస్తుంది, క్లచ్ మాడిన వాసన రావడానికి అట్టే సమయం పట్టదు. 4ఎల్‌లో క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసినా బండి ఆగిపోకుండా పాకుతూ ఉంటుంది. 46,000 కిలోమీటర్ల తరువాత కూడా నా క్లచ్ మొదటిదే.

దిగుడు కోసం నడి వరుసలో ఒక మీట ఉంది. అది నొక్కితే బండి నాలుగు చక్రాల బ్రేకులనూ తానే పట్టి వదులుతూ, లో గేరులో గంటకు సుమారు 5 కిలోమీటర్లు, మిగతా వాటిలో సుమారు 10 కిలోమీటర్ల వేగంతో దింపుతుంది. ఇది పనిచేసేటప్పుడు పాదం కింద గరగరమనే కదలిక, చప్పుడు ఉంటాయి. మొదటిసారి విన్నవారు ఏదో విరిగిందనుకుంటారు, అది మామూలే. కాలు బ్రేకు మీద పెట్టకుండా కూర్చోవడం మొదట్లో కష్టమే అయినా, తడి ఎర్రమట్టి మీద మనిషి కాలు అంత సమంగా నాలుగు చక్రాలనూ పట్టలేదు. అయితే పొడవాటి దిగుళ్లలో నేను దీన్ని వాడను. అరగంట సేపు బ్రేకులు పట్టి ఉంచితే వేడెక్కుతాయి. అటువంటి చోట 4ఎల్ మొదటి గేరులో ఇంజను పట్టుతోనే దిగి, జారుడు ఎక్కువగా ఉన్న పొట్టి వాలుకు మాత్రమే ఈ మీట నొక్కుతాను. ఎత్తులో ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారకుండా పట్టి ఉంచే ఏర్పాటు కూడా ఉంది కానీ, అది రెండు క్షణాలే. బరువుతో ఉన్నప్పుడు హ్యాండ్‌బ్రేకు లీవరునే నమ్ముతాను. నిలబడగానే ఇంజను ఆపేసే ఏర్పాటును మట్టిదారి ఎక్కే ముందే మీట నొక్కి ఆపేయడం మంచిది.

గెడ్డలు దాటేటప్పుడు నా కొలత చక్రం మధ్యలోని బొడ్డు. కర్ర దించి చూసి నీరు అంతకు మించి ఉంటే ఆగిపోతాను. 210 మిల్లీమీటర్ల నేల ఎత్తు చూసి ధైర్యం చేయకూడదు, నీటి వేగం కూడా చూడాలి. దాటాక వంద అడుగులు బ్రేకును సుతారంగా తొక్కుతూ పోతే అవి ఆరి మళ్లీ పట్టు వస్తుంది.

స్టీరింగు సంగతి చెప్పాలి. మామూలు కార్ల నుంచి వచ్చినవారికి ఇది నెమ్మదిగా, కాస్త వదులుగా అనిపిస్తుంది. తిప్పాక తనంతట తాను తిన్నగా రావడానికి కూడా సమయం తీసుకుంటుంది. హైవే మీద 90 దాటితే చిన్నచిన్న సవరింపులు చేస్తూనే ఉండాలి. కానీ రాయి తగిలినప్పుడు ఆ దెబ్బ చేతికి రాదు, బొటనవేళ్లు స్టీరింగు లోపల పెట్టి పట్టుకున్నా నాకు ఒక్కసారీ నొప్పి తగల్లేదు. నర్సీపట్నం వైపు ఘాట్‌లో మూడో గేరు చాలక రెండో గేరులోకి రావడం మామూలే. లారీని దాటాలంటే ఓపిక ఉండాలి. 40 లీటర్ల ట్యాంకుతో, కొండదారుల్లో నాకు లీటరుకు వస్తున్న 13 కిలోమీటర్ల లెక్కన, లోపలి గూడేలకు పోయే రోజున పాడేరులోనే ట్యాంకు నింపుకుని బయల్దేరతాను. వెనక ఇరుసుకు మహీంద్రా థార్ పై రకాల్లో ఉన్నటువంటి, రెండు చక్రాలనూ కలిపి తిప్పే యాంత్రిక లాక్ ఇందులో కూడా ఉంటే బాగుండేదని ఆ జూలై వాలు మీద అనుకున్నమాట నిజం. కానీ సుమారు 1,200 కిలోల బరువున్న బండి కావడం వల్ల, అంతకంటే బలమైనవి కూరుకుపోయిన బురద మీద ఇది తేలికగా పోవడం కూడా నేను కళ్లారా చూశాను.

ఎండాకాలంలో 4హెచ్ అవసరమే పడదు కాబట్టి, నెలకొకసారి ఊరి చివరి మట్టిబాటలో నాలుగైదు కిలోమీటర్లు దాన్ని వేసి నడుపుతాను. ముందు ఇరుసు గేర్లకు ఆయిలు అందాలి, హబ్బులు బిగుసుకుపోకూడదు. ఈ మే నెలలో టీకాల పని మొదలయ్యేలోపు ఐదు టైర్లనూ ఒకేసారి మార్చబోతున్నాను, ఈసారి బురద పట్టే గాళ్లు లోతుగా ఉన్నవి, అదే కొలతలో.